శ్రీకాకుళం తీరంలో 8×42 బైనాక్యులర్: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయను. పదిహేను వేల లోపు దొరికే 8×42లలో పెద్ద తేడాలుండవు, చేతిలో ఏది బాగా కూర్చుంటే అది తీసుకోండి. నేను రాసేది ఈ సైజు గురించి. మన జిల్లాలో వానలు వెనకపట్టాక వచ్చే పక్షుల్ని చూసి, లెక్క రాసుకునే పనికి ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే విషయం.

8 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో అని అర్థం. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది, కంటికి అందే వెలుగు చుట్టు వెడల్పు అంత. అదే 10×42 అయితే 4.2. పగటిపూట ఈ తేడా తెలియదు. తెల్లవారుజామున టెక్కలి దగ్గర పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురంలో చింతచెట్ల కింద నిలబడి చూస్తే తెలుస్తుంది. పక్కవాళ్ల పదిరెట్ల దాంట్లో గూళ్లు నల్లటి ముద్దల్లా ఉన్నప్పుడు, నాదాంట్లో ఏది పెలికానో ఏది పెయింటెడ్ స్టార్క్ కొంగో విడిగా కనిపించేది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు మాత్రం కొనేముందు అద్దాలతోనే చూసి కొనండి. కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి తిప్పినా చుట్టూ నల్లటి అంచు కనిపిస్తుంటే ఆ పీస్ మీకు పనికిరాదు, ఆఫర్ ఎంత ఉన్నా సరే.

తేలినీలాపురం మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ప్రతి ఏడూ పేపర్లలో, టీవీల్లో "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాస్తూనే ఉంటారు. ఈ పెలికాన్లు, అదే మన గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు సైబీరియా మొహం ఎరగవు. రెండూ మన ఉపఖండంలోనే బతికి, ఇక్కడే గూళ్లు కట్టే పక్షులు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మారతాయంతే. తేలినీలాపురంలో పిల్లల్ని లేపి, మేతకి నౌపడ వైపు చిత్తడి నేలలకి పోతుంటాయి. పక్షులు రాని ఏడు పంటలు సరిగ్గా పండవని ఊళ్లో నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. నిజంగా ఉత్తరాది నుంచి, హిమాలయాలకి అవతలి నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. అవి చాలావరకు చిన్నవి, బురద రంగులో ఉంటాయి, ఫొటోకి అందవు, అందుకే పేపర్లోకి ఎక్కవు.

తేలుకుంచిలో ఈ బైనాక్యులర్‌కి పెద్ద పని ఉండదు. ఇచ్ఛాపురం దగ్గర ఆ ఊళ్లో ఓపెన్‌బిల్ కొంగలు వానలతో పాటే వచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీదే కాపురం పెడతాయి, తల ఎత్తితే చాలు. కాకపోతే ముక్కు మధ్యలో ఆ సందు, దాంతో అది నత్తని పట్టుకునే తీరు మామూలు కంటితో సరిగ్గా కనపడదు, అక్కడ ఎనిమిది రెట్లు సరిగ్గా సరిపోతుంది. చూపు మేర కూడా వెడల్పు, కాబట్టి కొమ్మ మీంచి కొమ్మకి ఎగిరినా పక్షి తప్పిపోదు.

అసలు పరీక్ష నౌపడ ఉప్పు మడుల దగ్గర. వానలకి ఉప్పు పని ఆగి మడుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, సముద్రం పోటెక్కినప్పుడు తీరం మీది ఉల్లంకులు, ప్లవర్లు లాంటి చిన్న పక్షులు గుంపులుగా లోపలికి వచ్చి కూర్చుంటాయి. గట్టు మీంచి చూస్తే బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్, పసిఫిక్ గోల్డెన్ ప్లవర్, జిట్టంగులు, సూదితోక బాతులు హాయిగా గుర్తుపట్టొచ్చు. సాండ్ ప్లవర్ల దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. లెస్సర్, గ్రేటర్ అని రెండు రకాలు, ఏది ఏదన్నది ముక్కు పొడవు, కాళ్ల పొడవు చూసి తేల్చాలి, రెండొందల మీటర్ల దూరంలో ఎనిమిది రెట్లకి అది తేలదు. ఇప్పుడు లెస్సర్‌ని కూడా టిబెటన్, సైబీరియన్ అని రెండుగా విడగొట్టారు, ఇక చెప్పేదేముంది. పదిరెట్లది కొనుంటే తేలేదా అని అడుగుతారు. తేలదు, దానికి ట్రైపాడ్ మీద పెట్టే ఇరవై నుంచి అరవై రెట్ల స్పాటింగ్ స్కోప్ కావాలి. పైగా పొద్దెక్కాక మడుల మీద వేడికి గాలి మరుగుతున్నట్టు కదులుతుంది, ఎన్ని రెట్లు పెరిగితే అంత ఎక్కువ కదులుతుంది.

రాసుకోవడం ఈబర్డ్‌లోనే, అంటే చూసిన పక్షుల లిస్టులు ఎక్కించే వెబ్‌సైట్, ఫోను యాప్. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్లు 2002లో మొదలుపెట్టింది, ఉచితం. చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా అని. ఆ ప్రశ్నకి అవును అనాలంటే కాకిని, గోరింకని కూడా రాయాలి, అప్పుడే రాయని పక్షి కనపడలేదని అర్థం వస్తుంది. తేలని సాండ్ ప్లవర్లని ఒక జాతి అని తేల్చకుండా కలిపి రాసే వీలు కూడా ఉంది. నేను అదే వాడతాను, వాడమనే చెబుతాను. అంచనాకి ఒక జాతి పేరు రాసేస్తే లిస్టు బాగుంటుంది, లెక్క పాడవుతుంది. పెద్ద గుంపుని ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉందో చూసుకుని మిగతాది కొలవండి. ఫోను తీసే వీలు లేనప్పుడు చిన్న పుస్తకం, పెన్సిలు ఉండాలి, పెన్ను సిరా సముద్రపు తేమకి పాకిపోతుంది.

భావనపాడు, కళింగపట్నం తీరాల్లో పొద్దున్నే పోవద్దు. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం మీంచి కళ్లలో కొడతాడు, నీటి అంచున పక్షులన్నీ నల్లబొమ్మలే. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే వెలుగు మన వెనక ఉంటుంది. వల సర్దుకుంటున్నవాళ్లు "ఏటి బావు, షిప్పు కనబడతందా?" అని అడుగుతారు, ఓసారి చూడనివ్వండి, ఆ తర్వాత ఏ పక్షి ఎప్పుడు దిగుతుందో వాళ్లే చెబుతారు. అక్టోబరులో వాతావరణం చూసుకునే బయల్దేరండి. 2013లో ఫైలిన్ తుఫాను, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి. సరిగ్గా పక్షులు దిగే రోజులే.

నలబాణ దీవికి తీసుకెళ్లాక ఎనిమిది రెట్లే కొన్నందుకు నిజంగా సంతోషించాను. చిలికా సరస్సు మధ్యలో ఉంది, ఒడిశా, ఇచ్ఛాపురం దాటితే రైల్లో ఎంతో దూరం కాదు, బాలుగావ్‌లో దిగాలి. వానాకాలంలో దీవి నీళ్లలో మునిగి, తగ్గాక పైకి తేలుతుంది, ఆ బురద మీద బార్ హెడెడ్ గూస్‌లు, బాతులు వేలల్లో దిగుతాయి. దూరంగా పడవలోంచే చూడాలి. మోటారు అదురుకి పదిరెట్లలో బొమ్మ నిలవదు, ఎనిమిదిలో మోచేతులు ఒంటికి ఆనించుకుంటే నిలుస్తుంది. మోటారు ఆపించి మరీ లెక్కపెట్టండి.

మన్నిక విషయానికొస్తే, ఉప్పుగాలికి పట్టీ కొక్కేలు తుప్పు పట్టాయి, మెడకి బరువు కూడా, భుజాల మీద పడే హార్నెస్ వేరే కొన్నాను. అద్దం మీద ఉప్పు పొర ఉంటే పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు మంచినీళ్లు చిలకరించి తుడవాలి. వానాకాలమంతా సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఉంచుతాను, ఇంతవరకు ఫంగస్ రాలేదు. కుడి కన్ను సర్దే రింగు మాత్రం లూజైంది, సంచిలోంచి తీసినప్పుడల్లా సర్దుకోవాలి, చిరాకు.

గూళ్ల దగ్గరి పక్షులకీ, పడవకీ కళ్లు మూసుకుని కొనొచ్చు. ఉప్పు మడుల్లో చిన్న పక్షులే మీ పిచ్చి అయితే ఆ డబ్బు స్కోప్ కోసం దాచుకోండి. నేనూ దాస్తున్నాను, టెక్కలి, పలాస వైపు ఎవరైనా పాత ట్రైపాడ్ అమ్ముతుంటే చెప్పండి.