కాలువ ఎక్కడి నుంచి వస్తోందని అమ్మ అడిగింది

జనవరి మొదటి వారంలో అమ్మను తీసుకుని కోనసీమ వెళ్లాను. దిండిలో హౌస్‌బోటు ఎక్కి ఒక పగలు, ఒక రాత్రి గోదావరి మీద గడపాలనుకున్నాం. అమలాపురంలో దిగిన మర్నాడు పొద్దున ఏడింటికి పడవ వాళ్లు ఫోన్ చేశారు. ఇంజన్ చెడిపోయిందట, ఇవాళ్టికి కుదరదట. డబ్బు మొత్తం ముందే కట్టేశాను. ఒళ్లు మండిపోయింది.

అమ్మ మాత్రం టీ కొట్టు పక్కన నిలబడి కాలువనే చూస్తోంది. ఆమె పుట్టింది కదిరి పక్కన ఒక పల్లెలో. ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించి, నీళ్లు పడక అప్పుల్లో మునిగిన ఇల్లు మాది. పక్కనే ఆటో తుడుచుకుంటున్న అబ్బాయిని, "ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి నాయనా?" అని అడిగింది. "లొల్ల లాకుల నుంచి అమ్మగారూ. అక్కడికేమో బొబ్బర్లంక నుంచి వస్తాయండీ" అన్నాడు. లాకులంటే కాలువ నీటిని ఆపి, వదిలే తలుపులు. "చూపిస్తావా?" అంది. రోజంతటికీ 1,800 రూపాయలకు మాట్లాడుకున్నాం.

కోనసీమలో తిరగడానికి కారు కన్నా ఆటోయే మేలని నాకు అనిపించింది. కొబ్బరి తోటల మధ్య దారులు సన్నగా ఉంటాయి. ఆటో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది, రెండు వైపులా గాలి, వెలుతురు, మట్టి వాసన. కాకపోతే నడుము నొప్పి ఉన్నవాళ్లకు కష్టమే. సాయంత్రానికి అమ్మకు వీపు పట్టేసింది.

అంబాజీపేటలో కొబ్బరి కాయలు కొండల్లా పోసి ఉన్నాయి. ఇక్కడి నుంచి ఉత్తరాది రాష్ట్రాలకు లారీలు వెళ్తాయి. ఒక కొట్టు ముందు కాయలు వలుస్తున్న మనిషి దగ్గర చాలాసేపు నిలబడ్డాం. నేలలో పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పుతాడు. ఒక పక్క పీచు ఊడుతుంది. ఇంకో రెండు తిప్పులకు కాయ చేతిలో, డొక్క కుప్పలో. గడియారం పెట్టి చూశాను, నిమిషానికి ఆరు కాయలు తగ్గలేదు. అరచేయి చూపించమని అమ్మ అడిగితే సిగ్గుపడుతూ చాచాడు. చెప్పు అడుగులా గట్టిపడి ఉంది.

దారిలో ఆటో అబ్బాయి జగ్గన్నతోట దగ్గర ఆపాడు. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలతో అలంకరించిన ఎత్తైన కట్టడాలు, వచ్చే చోటు ఇది. గంగలకుర్రు వాళ్లు తమ ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటిస్తారు. మేం వెళ్లినప్పుడు తోటలో ఎండుమట్టలు తప్ప ఏమీ లేవు. ఆ నీటి ఒడ్డున నిలబడి ఎంత లోతుంటుందో ఊహిస్తేనే నా గుండె ఝల్లుమంది. సంక్రాంతికి రావాలనుకునేవాళ్లు గది చాలా ముందుగానే చూసుకోవాలి. ఆ మూడు రోజులూ ఖాళీ దొరకడం కష్టమని మా లాడ్జి ఆయన చెప్పాడు.

లాకులకు నేరుగా వెళ్లకుండా ఆ అబ్బాయి మమ్మల్ని పి.గన్నవరం తీసుకెళ్లడం అతను చేసిన పెద్ద మేలు. అక్కడ గోదావరి పాయ అయిన వైనతేయ మీదుగా కాలువ దాటుతుంది. 1850ల్లో, కాటన్ దొర ధవళేశ్వరంలో గోదావరి మీద ఆనకట్ట కట్టిన రోజుల్లోనే కట్టిన పాత అక్విడెక్టు, అంటే కాలువను మోసే వంతెన, వరుస కమానులతో ఇంకా నిలబడి ఉంది. దాని పక్కనే కొత్తది. కింద నది తన దారిన సముద్రానికి పోతుంటే, పైన అదే గోదావరి నీరు అవతల నగరం దీవి పొలాలకు వెళ్తుంది. అమ్మ ముందు నమ్మలేదు. నది మీద ఇంకో నది ఏమిటని రెండుసార్లు అడిగింది. అర్థమయ్యాక గోడ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. హౌస్‌బోటు ఎక్కి ఉంటే ఇది చూసేవాళ్లమే కాదు.

మధ్యాహ్నం ఊళ్లోనే చిన్న మెస్సులో తిన్నాం. మనిషికి 120 రూపాయలు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, ముద్దపప్పు, గోంగూర. వడ్డించిన ఆవిడ, "ఇంకొంచెం వేసుకోండి అమ్మగారూ, మొహమాటపడకండి" అంటూ అమ్మ పక్కనే నిలబడింది. ముందురోజు రాత్రి అమలాపురంలో ఏసీ హోటల్లో దానికి రెండింతలు ఇచ్చి తిన్న భోజనంలో ఆ రుచి లేదు, ఆ మాటా లేదు. ఒక్క లోటు మాత్రం చెప్పి తీరాలి. దారి పొడవునా ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకలేదు. ఒక పెట్రోలు బంకులో ఉంది కానీ తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలియదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బయలుదేరే ముందే ఇది ఆలోచించుకోవాలి.

కొత్తపేట మీదుగా ఆత్రేయపురం చేరేసరికి మూడున్నర. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రోడ్డు మీది కొట్ల కన్నా వెనక వీధుల్లో రేకులు తీసే ఇళ్లు చూడమని నా మాట. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. గుడ్డ వెళ్లిన చోట తెల్లటి పొర మిగులుతుంది, మనం రెప్ప వేసి తెరిచేలోగా అది ఆరిపోతుంది. చేత్తో పట్టుకుంటే బరువే లేదు. ఆ పొగలో, ఆ వేడిలో పొద్దుటి నుంచి కూర్చున్న ఆవిడతో బేరం ఆడబుద్ధి కాలేదు. బెల్లంతో చేసినవే తీసుకున్నాం. నెయ్యి వాసన చూసి కొనుక్కోండి, అసలు తేడా అక్కడే.

లొల్ల లాకుల దగ్గరికి పొద్దువాలే వేళకు వెళ్లాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి బొబ్బర్లంక నుంచి వచ్చే ప్రధాన కాలువ ఇక్కడ చీలి అమలాపురం, గన్నవరం, ముక్తేశ్వరం వైపు సాగుతుంది. తలుపుల కింద నీళ్లు హోరుమంటున్నాయి. అవతల దాళ్వా (రెండో పంట వరి) నాట్లు వేసి గట్టెక్కిన ఆడవాళ్లు కాళ్లు కడుక్కుంటున్నారు. అమ్మ మెట్లు దిగి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడింది. "పొద్దున మనం చూసింది ఇదేనా?" అంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు ఆపేస్తారు కాబట్టి, ఇది చూడాలంటే ఈ కాలంలోనే రావాలి.

చీకటి పడ్డాక లాడ్జికి చేరాం. రాత్రికి 1,400 రూపాయల గది. పరుపు గట్టిది, దుప్పట్లు ఉతికినవి, అడగ్గానే వేడినీళ్లు తెచ్చిచ్చారు. నది ఒడ్డు రిసార్టులో ఉండే అందం దీనికి లేదు, కానీ తెల్లవారగానే బయటపడి తిరిగేవాళ్లకు ఊరి నడుమ ఇలాంటి గదే నయం.

మర్నాడు పొద్దున పడవ వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఇంజన్ బాగైంది, రమ్మన్నారు. అమ్మ అప్పటికే చీర కట్టుకుని సంచి సర్దుకుని కూర్చుంది. "ధవళేశ్వరానికి బస్సు ఎన్నింటికో కనుక్కో, ఆనకట్ట చూడాలి" అంది. డబ్బు వెనక్కి పంపమని పడవ వాళ్లకు చెప్పేశాను. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.