కోయంబత్తూరు కారుణ్య: రాయగడ వైపు తెలుగువాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ప్యాకేజీల లెక్కలు ఉండవు. ఎవరికి ఎన్ని లక్షలొచ్చాయి అన్నది కాలేజీలే పెద్ద పెద్ద హోర్డింగుల మీద వేసుకుంటాయి, దానికి నేనక్కర్లేదు. మా మేనకోడలు కారుణ్యలో బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతోంది. దింపడానికి నేనే వెళ్లాను, తర్వాత కూడా వెళ్లొచ్చాను, సెలవులకి వచ్చినప్పుడల్లా అది చెప్పే కబుర్లు వింటూనే ఉన్నాను. మా ఒడిశా వైపు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం నుంచి ఎవరు ఫోన్ చేసినా అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారి రాసి పడేస్తే సరిపోతుందని కూర్చున్నాను. నా అభిప్రాయం ఏంటంటే, చుట్టూ కొండలు, ఊరికి దూరం, ప్రతి పనికీ ఒక టైము, మాటకి ముందు ఒక ప్రార్థన, వీటి మధ్య హాయిగా ఉండగలిగే పిల్లకి అది చాలా మంచి చోటు. శనివారం సాయంత్రం సినిమా లేకపోతే ఊపిరాడని పిల్లాడిని పంపితే మాత్రం మీ డబ్బూ దండగ, వాడి నాలుగేళ్లూ దండగ.

అంత దూరం ఎందుకు అని మొదట అడిగేది మా ఇంట్లోవాళ్లే. పర్లాకిమిడిలో సెంచూరియన్ ఉంది, 2010 నుంచి యూనివర్సిటీ, వ్యవసాయం అక్కడా చెప్తారు. గుణుపురంలో జీఐఈటీ ఉంది. అయినా మా అక్క ఒప్పుకోలేదు. "వారం వారం ఇంటికొచ్చీసి వొండించుకు తినీసి ఎల్లిపోతే ఇంక హాస్టలెందుకురా" అంది. ఆవిడ మాటకి ఇంట్లో ఎదురు లేదు. ఇంకోటేంటంటే మేం రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకి మొక్కులు చెల్లించుకునేవాళ్లమే గానీ, క్రైస్తవ సంస్థ అంటే మా వైపు ఎవరికీ కొత్త కాదు. 1882లో జర్మనీ నుంచి బ్రెక్లుం మిషన్ వాళ్లు కోరాపుట్, సాలూరు వైపు వచ్చిన దగ్గర్నుంచీ బడి అంటే, ఆసుపత్రి అంటే ఏదో ఒక మిషన్ పేరు వినబడుతూనే ఉంది. బిస్సంకటక్ ఆసుపత్రి 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ మాడ్సన్ మొదలుపెట్టింది, చుట్టుపక్కల మూడు జిల్లాల వాళ్లకి ఇవాళ్టికీ అదే దిక్కు. మా అక్క మొదటి కాన్పు అక్కడే. అంటే ఈ పిల్ల పుట్టిందే మిషన్ ఆసుపత్రిలో. చదువుకి మిషన్ కాలేజీకి పోతే కొంప మునిగేదేంటి అన్నది మా అక్క లాజిక్కు. అది లాజిక్కు కాదని నాకూ తెలుసు, కానీ పనిచేసింది.

కారుణ్య మాత్రం ఆ పాత మిషన్ల బాపతు కాదు. విదేశీయులెవరూ పెట్టలేదు. డీజీఎస్ దినకరన్ గారు ఒకప్పుడు బ్యాంకు ఉద్యోగి, తర్వాత పెద్ద ప్రసంగీకుడు. ఆయన సంస్థ 'యేసు పిలుచుచున్నాడు' అంటే మన పెద్దవాళ్లలో తెలియనివాళ్లు తక్కువ, చర్చికి వెళ్లనివాళ్లు కూడా టీవీలో ఆయన్ని చూసినవాళ్లే. ఆయన, కొడుకు పాల్ దినకరన్ కలిసి 1986లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలుపెట్టారు. 1999లో అటానమస్ అయింది, 2004లో డీమ్డ్ హోదా, అంటే యూనివర్సిటీతో సమానమైన హోదా వచ్చింది. దినకరన్ గారు 2008లో పోయారు, కొడుకు నడిపిస్తున్నారు. పద్దెనిమిదేళ్లలో కాలేజీ స్థాయి నుంచి సొంతంగా డిగ్రీలిచ్చే స్థాయికి రావడం అంటే మాటలు కాదు. సొంత సిలబస్, సొంత పరీక్షలు, సొంత పట్టా. దాంతోపాటు ఫీజు కూడా ప్రభుత్వ కాలేజీ ఫీజులా ఉండదు, అది ముందే మనసులో పెట్టుకోండి.

ఇక్కడ మనవాళ్లకి ఒక తికమక. కొందరు కారుణ్య యూనివర్సిటీ అంటారు, పాత కాగితాల మీదా అలాగే ఉంటుంది, ఇప్పుడు మాత్రం కారుణ్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్సెస్ అని రాస్తున్నారు. హోదా పోయిందా అని మా బావ ఒకటే టెన్షన్. ఏమీ పోలేదు. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల దేశంలో డీమ్డ్ సంస్థలన్నీ పేరు చివర యూనివర్సిటీ అని పెట్టుకోవడం మానాల్సి వచ్చింది. తమాషా ఏంటంటే ఆ కేసు బయల్దేరింది మన ఒడిశా నుంచే. ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో దూరవిద్య ఇంజనీరింగ్ డిగ్రీలు ప్రమోషన్లకి చెల్లుతాయా చెల్లవా అన్న గొడవ అది. మన పొలాలకి నీళ్లు తోడే ఆఫీసులో రేగిన తగాదా పోయి పోయి కోయంబత్తూరు కాలేజీ బోర్డు మార్పించింది.

ఇక చోటు. కోయంబత్తూరు ఊళ్లోంచి సిరువాణి రోడ్డు పట్టుకుని పేరూరు, ఆలాందురై దాటి పోతుంటే కొబ్బరి తోటలు, పోక తోటలు, ఎదురుగా పడమటి కనుమలు. ఊరికి పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ. సిరువాణి నీళ్ల రుచి గురించి అక్కడివాళ్లు తెగ చెప్పుకుంటారు, మనవాళ్లు గోదావరి నీళ్ల గురించి చెప్పుకున్నట్టే. తాగి చూశాను, నిజంగానే బాగున్నాయి. గాలి కూడా. పాలక్కాడు కనుమ సందులోంచి వచ్చే గాలి వల్ల మే నెలలో కూడా మన రాయగడ ఉడుకు అక్కడ ఉండదు. కొండ కింద కాబట్టి ఏనుగులు దిగుతాయి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో అది మామూలు వార్త. అమ్మడు మొదటి నెలలో ఫోన్ చేసి "మావయ్యా, ఏనుగులొస్తాయంట ఇక్కడ" అంటే, మన అంబొదల వైపు రావేంటే, భయమెందుకు అన్నాను. నవ్వేసింది.

అంత అందంగా ఉందని మురిసిపోయే ముందు ఇంకో సంగతి కూడా వినండి. సాయంత్రం టీకి బయటికి పోదాం అంటే పోయే చోటు కాదు. బజారు కావాలంటే బస్సెక్కాలి. గేటు దాటాలంటే అనుమతి కావాలి, టైముకి లోపలికి రావాలి. ఆడపిల్లల హాస్టళ్లు వేరు, మగపిల్లల హాస్టళ్లు వేరు, డ్రస్ విషయంలో పట్టింపులున్నాయి. ఇవి తల్లిదండ్రులకి తీపి మాటలు. పద్దెనిమిది దాటిన పిల్లలకి కావు, ఆ సంగతి మనం ఒప్పుకోవాలి. నన్నడిగితే ఇరవై ఏళ్ల మనిషిని ఇంతలా కాపలా కాయడం నాకు పెద్దగా నచ్చదు, ఏ కాలేజీలోనైనా సరే. అమ్మడు మాత్రం పట్టించుకోలేదు. దానికి ఇంట్లో వాళ్లమ్మ పెట్టే రూల్స్ ఇంతకంటే ఎక్కువ.

ప్రార్థన సంగతికొస్తాను, అందరూ గొంతు తగ్గించి అడిగేది ఇదే. "మతం మార్చీరు కదా?" మీటింగ్ అయినా ఫంక్షన్ అయినా ప్రార్థనతో మొదలవుతుంది, బైబిల్ మాట వినబడుతుంది, ఎక్కడ చూసినా వాక్యాలు కనబడతాయి. అది వాళ్లు దాచిపెట్టిన విషయమేం కాదు, అడ్మిషన్ తీసుకునే ముందే తెలుస్తుంది. మా అమ్మడు కళ్లు మూసుకుని కూర్చుంటుంది, మనసులో మజ్జిగౌరమ్మని తలుచుకుంటుందట, ఎవరూ ఏమీ అనలేదు. మైనారిటీలు తమ సంస్థలు తాము నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. అలాగే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట ఇష్టం లేనివాళ్లని మతబోధకి బలవంతంగా కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం మూడో క్లాజులో ఉంది. రెండూ గుర్తుంచుకుని, మీ ఇంట్లో ఎవరికైనా ఆ వాతావరణమే ఇబ్బంది అనిపిస్తే పంపకండి. పంపించి తర్వాత రోజూ ఫోన్‌లో ఆరా తీస్తూ పిల్లని చంపుకు తినడం కంటే అది నయం.

అసలు నాకు నచ్చింది వేరే. మన సరిహద్దు పిల్లల పరిస్థితి మీకు తెలుసు కదా, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. అమ్మడు చేరిన కొత్తలో ఆంధ్రా, తెలంగాణ పిల్లలు దాన్ని ఒడిశా అమ్మాయి అన్నారట, ఒడిశా పిల్లలేమో తెలుగమ్మాయి అన్నారట. దానికి మొదటి సెమిస్టర్ కాస్త కష్టంగానే గడిచింది. కానీ అక్కడ తమిళులు, మలయాళీలు, మనవాళ్లతో పాటు మిజోరం, నాగాలాండ్, మణిపూర్ వైపు పిల్లలు కూడా చాలామంది ఉంటారు. అంతమంది మధ్య ఎవరూ ఎవరికీ పూర్తిగా సొంతం కాదు, పూర్తిగా పరాయీ కాదు. ఒక రోజు పక్క రూములో నాగా అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న వెదురు కొమ్ముల పచ్చడి సీసా తెరిచిందట. ఆ వాసనకి రూములో ఉన్న మిగతావాళ్లంతా ముక్కు మూసుకుంటే మాది మాత్రం ప్లేటు పట్టుకుని వెళ్లిపోయింది. మన సంతల్లో అమ్మే సరుకే కదా! అప్పట్నుంచి ఇద్దరూ ఒకే జట్టు. సెలవులకి వచ్చినప్పుడు సోమవారం సంతలో వెతికి మరీ ఎండు కొమ్ములు కొనుక్కెళ్లింది, వాళ్లమ్మ చేసిన ఆవకాయ కంటే అదే ముందు అయిపోయిందట.

ఇంకో విడ్డూరం. ఒడియా మీడియంలో చదివిన పిల్ల, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం ముక్క రాదు. తెలుగు చదవడం, రాయడం తమిళనాడులో నేర్చుకుంది, కర్నూలు పిల్ల ఒకర్తె నేర్పింది. ఇప్పుడు వాళ్లమ్మమ్మకి ఉత్తరం రాస్తోంది.

భోజనం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. హాస్టల్ భోజనం హాస్టల్ భోజనమే. సాంబారు, రసం, పెరుగు. మనకి కారం చాలదు. పొడులు, పచ్చళ్లు కట్టివ్వండి.

చదువు మాటకొస్తే, ఇంజనీరింగ్‌తో పుట్టిన సంస్థ ఇది, వ్యవసాయం తర్వాత వచ్చింది. కాబట్టి క్యాంపస్‌లో కంప్యూటర్ పిల్లల సందడే ఎక్కువ, అగ్రికల్చర్ వాళ్లు పొద్దున్నే పొలంలోకి పోయి బురద కాళ్లతో వస్తారు. బీఎస్సీ అగ్రికల్చర్ అంటే నాలుగేళ్లు, చివరి సంవత్సరంలో పల్లెటూళ్లలో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకోవాలి, రావే అంటారు దాన్ని. తమిళం రాకుండా తమిళ రైతుతో మాట్లాడాలంటే ఎలా అని నాకు బెంగ. అమ్మడికి లేదు, ఈపాటికే వచ్చీరాని తమిళంలో బేరాలాడేస్తోంది. పోక చెట్టు, కొబ్బరి, పసుపు గురించి బాగా నేర్చుకుంటుంది గానీ, మన కొండవాలు మీద చోళ్లు, కందులు, జీడిమామిడి గురించి అక్కడ ఎవరు చెప్తారు అన్నది నా సొంత సందేహం. మట్టి వేరు, వాన వేరు. తిరిగొచ్చి ఇక్కడే పనిచేయాలనుకునే పిల్లలు ఈ సంగతి ఆలోచించుకోవాలి. ఈ ఒక్క విషయంలో పర్లాకిమిడికి మార్కులు ఎక్కువ వేస్తాను.

ఒక కన్సల్టెన్సీవాడి గురించి చెప్పి తీరాలి. పేరు వద్దు. వాడు మాకు ముందు ఇంకెక్కడో ఒక ప్రైవేటు కాలేజీ చూపించాడు, "ఐకార్ గుర్తింపు ఉంది సార్, గ్యారంటీ" అన్నాడు, అడ్వాన్సు తీసుకున్నాడు. ఐకార్ అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి. తర్వాత మేమే ఐకార్ జాబితా చూస్తే ఆ కాలేజీ పేరు లేదు. డబ్బు సగం వెనక్కొచ్చింది, మిగతాది సర్వీస్ ఛార్జీ అట. వ్యవసాయ డిగ్రీకి ఐకార్ అక్రెడిటేషన్ లేకపోతే ఐకార్ పీజీ సీట్ల దగ్గర అడ్డం పడుతుంది, కొన్ని ఉద్యోగాల దగ్గర కూడా. అందుకని కారుణ్య అయినా ఇంకేదైనా సరే, మీరు చేరే సంవత్సరానికి ఆ గుర్తింపు అమల్లో ఉందో లేదో ఐకార్ జాబితాలో స్వయంగా చూసుకోండి. నేను చెప్పానని కూడా నమ్మకండి.

ఊరి మధ్యలో ఉండాలి, క్రైస్తవ సంస్థే కావాలి అనుకునేవాళ్లు బెంగళూరు క్రైస్ట్ చూడండి. 1969లో సీఎంఐ అనే కేథలిక్ సభ ఫాదర్లు పెట్టిన కాలేజీ, 2008లో డీమ్డ్ అయింది, ఇప్పుడు బెంగళూరులోనే కాక పూణే దగ్గర లవాసాలో, ఢిల్లీ పక్కన కూడా క్యాంపస్‌లున్నాయి. దాని పెరుగుదల ఊళ్లు ఊళ్లుగా సాగింది, కారుణ్యది ఒకే కొండ కింద వెడల్పుగా సాగింది. అయితే క్రైస్ట్‌లో 85 శాతం హాజరు అడుగుతారు, కాబట్టి సిటీ కదా అని తిరిగేద్దామనుకుంటే అక్కడా కుదరదు. బీకాం, బీబీఏ, లా కావాలంటే అటు, ఇంజనీరింగ్, వ్యవసాయం కావాలంటే ఇటు.

ప్రయాణం సంగతి. ధన్‌బాద్ నుంచి అలెప్పీ పోయే బండి, మనం బొకారో అని పిలిచేది, రాయగడలో ఎక్కితే విజయనగరం, విశాఖ, విజయవాడ మీదుగా సేలం, ఈరోడ్, తిరుప్పూర్ దాకా ఒకటే బండి. పండగలప్పుడు స్లీపర్ దొరకదు, బుకింగ్ తెరిచిన రోజే చేసేయండి. ఆ బండిని ఒక్కోసారి కోయంబత్తూరు మెయిన్ స్టేషన్‌కి పోనీకుండా పోదనూరు మీదుగా తిప్పేస్తుంటారు, దిగే స్టేషన్ ఏదో బయల్దేరే ముందే చూసుకోండి, సామాన్లతో పిల్లలు అవస్థ పడకుండా. ప్లస్ టూ ఒడిశా కౌన్సిల్‌లో చదివిన పిల్లలైతే ఆ కౌన్సిల్ (సీహెచ్‌ఎస్‌ఈ) నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ రిజల్ట్ రాగానే పెట్టేయండి. వేరే రాష్ట్రంలో చేరేటప్పుడు ముందు అడిగేది అదే, దానికోసం భువనేశ్వర్ చుట్టూ తిరిగే లోపు అక్కడ క్లాసులు మొదలైపోతాయి.