పాండిచ్చేరిలో స్కూబా: ఒకే సముద్రం, రెండు బోట్లు

స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపలికి దిగే డైవింగ్) చేయిస్తామని మనిషికి 6,500 రూపాయలు కట్టించుకుని, ప్రమాదమైతే ఇవ్వడానికి ఆక్సిజన్ కిట్టు లేని బోటులో, నీళ్లలోకి ఎంతమంది దిగారో ఎంతమంది పైకొచ్చారో లెక్కపెట్టే దిక్కు లేకుండా మమ్మల్ని సముద్రంలోకి తీసుకెళ్లారు. మా ఆవిడ చెవి దెబ్బతింది. మర్నాడు అదే పాండిచ్చేరిలో, ఇంకో వెయ్యి ఎక్కువ తీసుకున్నవాళ్లు ఈ పని ఎంత పద్ధతిగా చేయొచ్చో చేసి చూపించారు. శని, ఆదివారాలకి ఇంకో సెలవు కలిసొస్తే చాలు, తిరుపతి, చిత్తూరు జనం కార్లేసుకుని పాండిచ్చేరి పోతున్నారు. అందులో స్కూబా చేయాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తిరుత్తణి, కాంచీపురం, తిండివనం మీదుగా పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరుకుంటాం. పెట్రోలుకి రానూపోనూ 3,600 అయింది. రూము రోజుకి 2,800, శుభ్రంగానే ఉంది. ఫ్రెంచి వీధులు, బీచ్ రోడ్డు అందరూ చూసేవే, మేమూ చూశాం. చేపల హార్బరుకి పోయే దారిలో ఒక చిన్న మెస్సులో తిన్న వంజరం వేపుడు మాత్రం ఇప్పటికీ నోట్లో ఉంది. ముక్క 220, భోజనం 120. మా బావమరిది రెండు ముక్కలు తిని, మూడోది పార్శిల్ కట్టించుకున్నాడు.

స్కూబా మాత్రం తిరుపతిలోనే ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర బుక్ చేశాం. నాకు, మా ఆవిడకి, బావమరిదికి కలిపి 19,500. ఫొటోలు, వీడియో అందులోనే అన్నాడు. ఆరున్నరకల్లా రమ్మంటే ఆరుంబావుకే వెళ్లి నిలబడ్డాం. బోటు కదిలింది తొమ్మిది దాటాక. అప్పటికే ఎండ మాడుతోంది. ఈలోగా ఒకతను వచ్చి వీడియోకి మనిషికి 500 విడిగా కట్టాలన్నాడు. ప్యాకేజీలో ఉంది కదా అంటే, "అది మీ ఏజెంటు చెప్పిన మాట సార్, మాకు సంబంధం లేదు" అని తేల్చేశాడు. గొడవ పెట్టుకుంటే ఎక్కించుకోరేమోనని మా ఆవిడే 1,500 తీసి ఇచ్చేసింది.

అది స్కూబా కోసం కట్టిన బోటు కాదు. చేపలు పట్టే ఫైబర్ పడవకి పైన టార్పాలిన్ కట్టారు. మేం పద్నాలుగు మందిమి, పడవవాళ్లు నలుగురు. కచ్చులూరు ప్రమాదం తర్వాత బోటెక్కగానే ముందు లైఫ్ జాకెట్ ఎక్కడుందో వెతకడం మా ఇంట్లో అలవాటైపోయింది. 2019లో గోదావరిలో అంతమంది పోయాక కూడా ఆ అలవాటు రాకపోతే ఎట్లా? వెతికితే ఇంజను పక్కన కుప్పగా ఎనిమిది కనబడ్డాయి. రెండింటికి బకిల్స్ లేవు. అడిగితే పడవవాళ్లలో ఒకడు, "మీరు డైవింగ్‌కి వచ్చారు కదా సార్, ఇది దేనికి?" అన్నాడు. నీళ్లలోకి దిగేదాకా, దిగి వచ్చాక బోటులో ఉండేది మనుషులే కదా.

ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, ఫిట్స్ వచ్చాయా, చెవి ఆపరేషనేమైనా అయిందా, జలుబు చేసిందా అని ఎవరినీ అడగలేదు. ఒక కాగితం మీద వరసగా సంతకాలు పెట్టించుకున్నారు. దాని మీద ఏముందో చదవబోతే, "ఫార్మాలిటీ సార్" అని లాక్కున్నాడు. ఇక సూచనలు చెప్పింది కదులుతున్న బోటులో, ఇంజను మోతలో, తమిళంలో, అయిదు నిమిషాలు. మా ఆవిడది నగరి కాబట్టి మాకు ఇబ్బంది లేదు. పక్కన నంద్యాల నుంచి వచ్చిన కొత్త దంపతులకి తమిళం ఒక్క ముక్క రాదు. తనే వాళ్లకి తెలుగులో చెప్పుకొచ్చింది. అయినా ఇంజను మోతలో ఒక సంగతి ఎవరికీ వినబడలేదు. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో దానర్థం 'పైకి పోదాం' అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఆ నంద్యాల అబ్బాయి దిగిన రెండు నిమిషాలకే ఒక చేపల గుంపు చూసి సంబరంగా బొటనవేలు ఎత్తాడు. వెంటనే పైకి తెచ్చేశారు. మళ్లీ దింపమంటే టైమ్ లేదన్నారు. 6,500కి రెండు నిమిషాలు.

నా సిలిండర్ మీటరు 130 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉంది. మామూలుగా నిండు సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి ఉంటుంది, 50 మిగిలుండగానే పైకి రావాలి. అంటే నాకంటే ముందు ఇంకొకరు వాడినదే నాకు తగిలించారు. నోట్లో పెట్టుకునే రబ్బరు ఒకవైపు కొరికేసి ఉంది, ప్లాస్టిక్ ట్యాగుతో బిగించి కట్టారు. ఊపిరి పీల్చినప్పుడల్లా గాలితో పాటు ఉప్పునీళ్లు కొంచెం కొంచెంగా లోపలికొస్తున్నాయి. ఇద్దరికి ఒక ఇన్‌స్ట్రక్టర్. నన్ను, మా ఆవిడని చెరో చేత్తో పట్టుకుని దిగాడు.

ఆమెకి రెండు మీటర్లు దిగగానే చెవి పట్టేసింది. చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. అతను చూశాడు. తల ఊపి ఇంకా కిందికి లాగాడు. నేను అతని చెయ్యి గుంజితే అప్పుడు ఆగాడు. పైకొచ్చేసరికి ఆమె మాస్కులో సగం దాకా రక్తం కలిసిన నీళ్లు. బోటులో ఒకడు టిష్యూ పేపరు చేతికిచ్చి, "కామన్ మేడమ్. అయిదు మీటర్లే కదా దిగింది, ఏం కాదు" అన్నాడు.

ఆ మాట శుద్ధ తప్పు, ఎందుకో చెప్తాను. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఇరవై మీటర్లలో మూడింతలు. అంటే మొదటి పది మీటర్లలోనే చెవి లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది, ఆ తర్వాత తేడా తగ్గుతూ వస్తుంది. చెవి మీద పెద్ద దెబ్బ పడేది పైన ఉన్న ఆ కొద్ది మీటర్లలోనే. అందుకే మీటరు మీటరుకీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఆగాలి, కొంచెం పైకి రావాలి. లోతు తక్కువ అనేది ధైర్యం చెప్పే మాట కాదు. అలాగే పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. స్కూబాలో మొదటి సూత్రమే అది. మాకు ఆ బోటులో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

అసలు భయం దీని తర్వాత. ఇంకో బ్యాచ్ పైకొస్తుండగానే ఇంజను స్టార్ట్ చేశారు. మా బావమరిది అవతలి వైపు కూర్చుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. "ఆపండి! ఆపండి! మనిషున్నాడు!" అని ఒకటే కేకలు. చూస్తే ఒక కాలేజీ కుర్రాడు లంగరు తాడు పట్టుకుని నీళ్లలోనే ఉన్నాడు. ప్రొపెల్లర్‌కి అతనికి మధ్య నాలుగైదు అడుగులుంటుంది. అతన్ని పైకి లాగాక కూడా ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర టామ్, ఐలీన్ లోనర్‌గన్ అనే అమెరికన్ దంపతులని సముద్రంలోనే వదిలేసి డైవింగ్ బోటు ఒడ్డుకొచ్చేసింది. లెక్క తప్పు పెట్టారు, అంతే. వాళ్లు రాలేదని రెండు రోజులకి గానీ తెలియలేదు, బోటులో వాళ్ల సామాను కనబడ్డాక. ఆ ఇద్దరూ ఇక దొరకలేదు. ఒక కాగితం, ఒక పెన్నుతో అయ్యే పని అది.

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో మాట్లాడలేదు. బావమరిది మాత్రం, "బావా, నేను సరిగ్గా చూడనే లేదు, ఇంకో చోట చేద్దాం" అని పోరు. లాడ్జి ఆయన జరిగింది విని, తనకి తెలిసిన ఇంకొక డైవింగ్ సెంటరు పేరు చెప్పాడు. ఫోన్ చేస్తే మనిషికి 7,500 అన్నారు. రేటు చెప్పకముందే, "జలుబు ఉందా? ఏమైనా మందులు వాడుతున్నారా? ముందు రోజు డైవ్ చేశారా?" అని అడిగారు. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

పొద్దున వెళ్లాక ఆరోగ్యం గురించి ప్రశ్నలన్నీ ఉన్న ఫారం ఇచ్చి, కూర్చుని నింపమన్నారు. మా బావమరిదికి రెండు రోజులుగా ముక్కు దిబ్బడ. మాత్ర వేసుకుని వచ్చాడు. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ అమ్మాయి ఫారం చూసి, "ఈరోజు మీరు దిగకూడదండీ. మాత్ర ప్రభావం నీళ్లలో తగ్గిపోతే గాలి లోపలే ఇరుక్కుపోతుంది" అంది. అతను బతిమాలాడు. తనకేమన్నా అయితే తనదే బాధ్యత అని రాసిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అతని 7,500 అక్కడికక్కడే ఫోన్‌పే చేసేసింది. పిలవని పెళ్లికొచ్చినట్టు మొహం పెట్టుకుని ఆ పూటంతా కూర్చున్నాడు, కానీ డబ్బు ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చింది. వ్యాపారం పోయినా పర్లేదని వద్దనే వాళ్లు దొరకడం నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి.

ముందు నడుము లోతు స్విమ్మింగ్ పూల్‌లో గంటసేపు. మాస్కులోకి నీళ్లొస్తే ఊది పంపడం, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లోంచి జారితే మళ్లీ అందుకోవడం, సైగలు. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. బోటులో ఆకుపచ్చ పెట్టెలో ఆక్సిజన్, మాస్కుతో సహా. తెరిచి చూపించమంటే విసుక్కోకుండా చూపించారు. మనుషులు నీళ్లలో ఉన్నంతసేపు ఇంజను ఆఫ్. ఎర్ర గుడ్డ మీద ఏటవాలుగా తెల్ల పట్టీ ఉన్న డైవింగ్ జెండా కట్టారు. దిగే ముందు పేరు పిలిచి టిక్కు, పైకొచ్చాక మళ్లీ పేరు పిలిచి, మన నోటితోనే పలికించుకుని టిక్కు. నా సిలిండర్ 200 చూపించింది. నాకొక్కడికే ఒక ఇన్‌స్ట్రక్టర్. తాడు పట్టుకుని దిగుతూ ప్రతి మీటరుకీ ఆపి చెవి అడిగాడు. సర్టిఫికెట్ లేనివాళ్లని పన్నెండు మీటర్లు దాటించకూడదని పాడీ లాంటి శిక్షణ సంస్థల నిబంధన. మేం తొమ్మిదిన్నర దగ్గర ఆగాం. నీళ్లు కొంచెం మసకగానే ఉన్నాయి. అయినా ఒక రాతి సందులోంచి లయన్‌ఫిష్ ఈకలన్నీ విప్పుకుని మెల్లగా బయటికొచ్చి, నా మోచేతి పక్కనుంచే వెళ్లిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ నా చెయ్యి పట్టుకుని వెనక్కి జరిపాడు, దాని ముళ్లకి విషం ఉంటుంది.

ఒడ్డుకొచ్చాక ఎక్కడివాళ్లని నా ఇన్‌స్ట్రక్టర్ అడిగాడు. తిరుపతి అంటే, "ఈ రాత్రికి కొండెక్కకండి" అన్నాడతను. నాకు ఆశ్చర్యమేసింది. మా అత్తగారు ఆ రాత్రికే తిరుమలలో రూము తీసి, మమ్మల్ని పాండిచ్చేరి నుంచి నేరుగా పైకి వచ్చేయమన్నారు. డైవింగ్ తర్వాత ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది. వెంటనే ఎత్తుకి పోతే అది బుడగలు కట్టే ప్రమాదం. విమానం ఎక్కకూడదని అందరూ చెప్తారు, కొండ సంగతి ఎవరూ చెప్పరు. డైవింగ్ చేసేవాళ్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ సూచనలు రెండు వేల అడుగుల ఎత్తు నుంచే వర్తిస్తాయి. ఒక్కసారి దిగితే 12 గంటలు, వరసగా రెండు రోజులు దిగితే 18 గంటలు ఆగాలి. తిరుమల 2,800 అడుగుల దాకా ఉంటుంది. మదనపల్లె, పలమనేరు వాళ్లకైతే ఇంటికి పోవడమే రెండు వేల అడుగులు దాటడం. అత్తగారికి ఫోన్ చేసి చెప్తే మొదట చిన్నబుచ్చుకున్నారు, తర్వాత మర్నాడు పొద్దునకి మార్చుకున్నారు.

మా ఆవిడ మాత్రం కొండకి రాలేదు. తిరుపతిలో ఈఎన్‌టీ డాక్టరు చూసి, కర్ణభేరి కమిలింది, చిల్లు పడలేదు, మానేదాకా నీళ్లు తగలనివ్వొద్దు, ఘాట్ రోడ్డు కూడా వద్దన్నారు. ఫీజు 500, మందులు 640.

మీరు వెళ్తే నా సలహా ఇది. తిరుపతిలో ఏజెంటుకి డబ్బు కట్టకండి, డైవింగ్ సెంటరుకే నేరుగా కట్టండి, రసీదు తీసుకోండి. ఫోన్లోనే అడగండి: బోటులో ఆక్సిజన్ ఉందా, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, నాకు జలుబుంటే డబ్బు తిరిగిస్తారా. మూడో దానికి నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో అటు పోకపోవడమే మంచిది. బోటెక్కాక నచ్చకపోతే దిగిపోండి, డబ్బు పోతే పోనీ.

మా డబ్బు సంగతి. ఏజెంటు వారం రోజులు వాట్సాప్ చూసి బదులివ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాత మా ఆవిడ 6,500, వీడియో డబ్బులు 1,500 వచ్చాయి. నాది, బావమరిదిది కలిపి 13,000 ఇవ్వనంటున్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, పాండిచ్చేరి పోనక్కర్లేదు. అయిదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. రసీదు, ఏజెంటు మెసేజీలు, డాక్టరు చీటీ అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. నంద్యాల దంపతులు కూడా వాళ్ల రసీదు పంపించారు. ఈ నెలాఖరులోగా వేస్తున్నాం.