ర్యాప్ డ్రెస్: నడుము దగ్గర కుదిరింది, మెడ దగ్గర జారింది

ముందే చెప్పేస్తాను, ఈ డ్రెస్సుకి నేనిచ్చేది ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కూ మెడ దగ్గర పోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. దీని దాకా రావడానికి ముందు మూడు డ్రెస్సులు కొని మూడూ తిప్పి ఇచ్చేశాను కాబట్టి, కథ అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

నాకు 49 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా బరువు ఒకటీ రెండు కిలోలు అటూ ఇటూ అంతే. అయినా పాత బట్టలేవీ పట్టడం లేదు. నలభైల్లో ఈస్ట్రోజన్ తగ్గుతున్న కొద్దీ కొవ్వు తుంటి, తొడల దగ్గర్నుంచి పొట్ట మీదికి మకాం మారుస్తుందట. వెయింగ్ మెషీన్‌కి ఆ సంగతి తెలియదు. ప్యాంటు గుండీకి తెలుస్తుంది.

ఒక ఆదివారం టేపు తీసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఛాతీ 102, నడుము 91, తుంటి 106. కొనాలనుకున్న డ్రెస్సు సైజుల పట్టిక పక్కన పెట్టుకున్నాను. ఆ పట్టిక ప్రకారం నా ఛాతీ ఎల్, తుంటి ఎల్, నడుము ఎక్సెల్. పైనా కిందా ఒక మనిషి, మధ్యలో ఇంకొక మనిషి. సరే, నడుము పట్టాలి కదా అని ఎక్సెల్ తెప్పించాను. నడుము పట్టింది. భుజాలు మాత్రం మోచేతి వైపు జారిపోయాయి. సైజు పెంచేటప్పుడు కుట్టేవాళ్లు నడుము ఒక్కటే పెంచరు, భుజం, చంక, చెయ్యి అన్నీ ఒక లెక్క ప్రకారం పెంచుకుంటూ పోతారు. నా భుజం ఎముకలేమో పాతికేళ్లప్పుడు ఎంత ఉన్నాయో ఇప్పుడూ అంతే.

ఈ అంకెల మీద కోపం వచ్చి కొంచెం చదివాను. రెడీమేడ్ సైజుల కోసం అమెరికాలో 1939-40లో దాదాపు 15,000 మంది ఆడవాళ్ల కొలతలు తీసుకున్నారు. తెల్లవాళ్ల కొలతలే లెక్కలోకి తీసుకున్నారు. దాని ఆధారంగా 1958లో ఒక ప్రమాణం పెట్టి, 1983లో అదీ ఎత్తేశారు. ఇప్పుడు ఎవరి పట్టిక వాళ్లదే. ఒక చోట ఎల్ అయిన మనిషి ఇంకో చోట ఎమ్ అవుతుంది, సంబరపడి కొంటుంది. కాబట్టి ఎల్‌లో పట్టలేదని ఏడవాల్సిన పని లేదు. సెంటీమీటర్లు చూసుకుని కొనుక్కోవడమే.

తిప్పి ఇచ్చేసిన ఆ మూడింటి గురించి త్వరగా చెప్పేస్తాను. మొదటిది పైన చెప్పిన ఎక్సెల్, పాలిస్టర్. ఫొటోలో ముడతే లేదు, నిజంలోనూ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ ఎగసి, మెడ వెనక చెమట కారి, రెండు నిమిషాల్లో మళ్లీ చలేసే వయసులో ఉన్నాను. పాలిస్టర్ తన బరువులో 0.4 శాతం తేమ మాత్రమే పీల్చుకుంటుంది. కాటన్ 8 శాతం పైన, విస్కోస్ (రేయాన్ గుడ్డ) 11 నుంచి 13 శాతం. పుస్తకంలో చదివితే ఇవి ఉత్త అంకెలే, మీటింగ్ మధ్యలో వీపుకి గుడ్డ అతుక్కున్నప్పుడు కావు. దాన్ని ఇంట్లో అరగంట వేసుకుని, ట్యాగు తియ్యకుండానే మడిచి పంపేశాను.

రెండోది నార గుడ్డ, ఒంటికి అతికినట్టు ఉండే కోత, వెనక పొడుగు జిప్పు. భలే ఉంది. కానీ నా కుడి భుజం ఏడాదిగా పట్టేసి ఉంది, చెయ్యి వీపు మీదికి వెళ్లదు. జిప్పు సగం దాకా లాగి, మిగతా సగానికి ఇంట్లో ఎవరైనా లేస్తారేమో అని నిలబడ్డాను. నలభై నుంచి అరవై మధ్య ఆడవాళ్లలో భుజాలు పట్టెయ్యడం ఎక్కువని డాక్టర్లు చెబుతారు. ఆ మధ్య వయసు వాళ్లకి అమ్మే బట్టలకి వెనక జిప్పు పెట్టే పెద్దమనిషిని ఒకసారి కలవాలని ఉంది.

మూడోది నా తప్పే. ఒక షాపులో ట్రయల్ రూమ్ నుంచి బయటికొచ్చి అద్దంలో చూసుకుంటుంటే, అక్కడి అమ్మాయి పరుగున వెళ్లి ఒక గోనెసంచి లాంటి డ్రెస్సు తెచ్చింది. "ఇది ట్రై చెయ్యండి మేడమ్, అన్నీ కవర్ అవుతాయి" అంది. "అన్నీ అంటే ఏవమ్మా?" అన్నాను. ఆ పిల్ల పాపం నవ్వలేక నవ్వింది. నేను మొహమాటానికి పోయి దాన్నే కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి వేసుకుంటే ఛాతీ దగ్గర ఎంత వెడల్పో కింద అంచు దాకా అంతే వెడల్పు. పొట్ట దాగింది, నిజమే. దాంతో పాటు నేనూ దాగిపోయాను. అక్కడ రిటర్న్ తీసుకోరట, మార్చుకోవాలట. మార్చుకుని రెండు స్కార్ఫులు తెచ్చుకున్నాను. అవి బాగానే ఉన్నాయి.

ఇక అసలు డ్రెస్సు. నేవీ బ్లూ మీద సన్నటి తెల్ల అడ్డచారలు, ముప్పావు చేతులు, మోకాలు దాటి నాలుగు వేళ్లు కిందికి. గుడ్డ 95 శాతం విస్కోస్, 5 శాతం ఎలాస్టేన్ (సాగే పోగు) ఉన్న జెర్సీ, అంటే టీషర్టు లాంటి సాగే గుడ్డ. ర్యాప్ అంటే తెలిసిందే, ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, వాటి చివర కుట్టిన గుడ్డ దారాలతో పక్కన ముడి వెయ్యడం. ఈ పద్ధతి మనకిప్పుడు కొత్త కాదు. క్లెయిర్ మెకార్డెల్ అనే డిజైనర్ 1942లోనే ఇంట్లో పని చేసుకోవడానికి చుట్టి కట్టుకునే డ్రెస్సు చేసింది. డయాన్ వాన్ ఫర్‌స్టన్‌బర్గ్ అనే ఇంకో డిజైనర్ 1974లో దాన్ని జెర్సీలో చేసి ఆఫీసులకీ పార్టీలకీ ఎక్కించింది. అప్పటి నుంచీ పోకుండా నిలబడిందంటే కారణం నడుము దగ్గరే ఉంది. దీనికి నడుము సైజు లేదు. ముడి ఎక్కడ పడితే అదే సైజు. నాలాగా పైనా కిందా ఎల్, మధ్యలో ఎక్సెల్ అయినవాళ్లు ఛాతీకి సరిపోయే సైజు తీసుకుంటే చాలు, మిగతాది దారం చూసుకుంటుంది. పొద్దున ఒక బిగువు, భోజనం అయ్యాక ఇంకొక బిగువు.

కట్టుకోవడం మొదటిసారి తికమక పెట్టింది. ఎడమ ముక్క లోపలికి వెళ్తుంది. కుడి పక్క కుట్టులో వేలు దూరేంత చీలిక ఉంటుంది, ఎడమ ముక్క దారాన్ని అందులోంచి బయటికి తీసి, వీపు మీదుగా ఎడమ పక్కకి తిప్పి, కుడి ముక్క దారంతో కలిపి ముడి వెయ్యాలి. నేను మొదట ఆ చీలికని కుట్టు ఊడిపోయిందనుకుని కంప్లైంట్ పెట్టబోయాను. ముడి సరిగ్గా నడుం మధ్యలో కాకుండా ఎడమ పక్కటెముకలు అయిపోయే చోట, అంటే పొట్ట మొదలయ్యే ముందు, పడితేనే అందం. అక్కడ మనందరికీ ఇంకా కాస్త నడుము మిగిలే ఉంటుంది. అక్కడి నుంచి గుడ్డ ఏటవాలుగా జారి పొట్ట మీద అతుక్కోకుండా దిగుతుంది.

అడ్డచారలు చూసి మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. అడ్డచారలు లావుగా చూపిస్తాయని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్స్ అనే శాస్త్రవేత్త దీనికి ఉల్టా చెప్పాడు. అడ్డగీతలతో నింపిన చతురస్రం అసలు కంటే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని. ఆయన డ్రెస్సు వేసుకున్న మనిషి గురించి చెప్పలేదు, చతురస్రం గురించి చెప్పాడు, సరే. నాకు మాత్రం ఈ చారల్లో ఇబ్బందేం కనిపించలేదు. చారల వల్ల ఇంకో లాభం, కుట్టు ఎంత శ్రద్ధగా వేశారో ఇట్టే తెలిసిపోతుంది. కుడి పక్క కుట్టు దగ్గర ముందు చార, వెనక చార గీత గీసినట్టు కలిశాయి. ఎడమ పక్క చంక దగ్గర అర చార జారింది. చెయ్యి దించితే కనిపించదు కాబట్టి వదిలేశాను.

కొనే ముందు ఏ ర్యాప్ డ్రెస్సులో అయినా చూడాల్సింది ఒక ముక్క ఇంకో ముక్క మీదికి ఎంత దూరం వస్తోందో. చౌకగా కుట్టినవాటిలో గుడ్డ మిగుల్చుకోవడానికి దీన్నే కొస్తారు. నిలబడి ఫొటో దిగితే తేడా తెలియదు, కూర్చుంటే తెలుస్తుంది. ఇందులో పై ముక్క దాదాపు ఎడమ పక్క కుట్టు దాకా వచ్చింది, నాలుగు వేళ్లే తక్కువ. కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, లేచి, మెట్లెక్కి చూశాను. మోకాలు పైకి ఏమీ తెరుచుకోలేదు. గాలి బాగా వీచే రోజు మాత్రం ఒక చెయ్యి ముందు పెట్టుకునే నడవాలి.

ఇప్పుడు ఆ పోయిన మార్కు. నిటారుగా నిలబడితే మెడ బ్రహ్మాండం. ల్యాప్‌టాప్ మీదికి వంగగానే రెండు ముక్కల మధ్య జాగా ఏర్పడి, ఎదురుగా కూర్చున్నవాళ్లకి నా బ్రా రంగు తెలిసిపోతోంది. మెడ అంచు ఏటవాలు కోత కాబట్టి సాగుతుంది. దానికి తోడు ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని భుజాలు ముందుకి వంగిపోయాయి, ఛాతీ కూడా ఒకప్పటి చోట లేదు, అందుకని ముందు గుడ్డ వదులవుతుంది. సగం తప్పు డ్రెస్సుది, సగం నాది. డ్రెస్సుది అని ఎందుకంటున్నానంటే, లోపల ఒక్క ప్రెస్ బటన్ పెట్టి ఇస్తే వాళ్ల సొమ్మేం పోయేది?

నేనే కుట్టుకున్నాను. నిలబడి కొలిస్తే లాభం లేదు. డ్రెస్సు కట్టుకుని, టేబుల్ ముందు కూర్చుని, మామూలుగా పని చేసేటప్పుడు ఎంత వంగుతామో అంత వంగి, ఎక్కడ తెరుచుకుంటోందో అక్కడ పిన్నీసు పెట్టాలి. తర్వాత విప్పి, ఆ చోట అతి చిన్న ప్రెస్ బటన్, లోపలి మడతకి మాత్రమే పట్టుకునేలా కుట్టాలి. సూది పైకి వస్తే చారల మీద చుక్కలాగా కనిపిస్తుంది. కుట్టడం ఐదు నిమిషాల పని. సూదిలో దారం ఎక్కించడం పావుగంట పని, అదీ చదువుకునే కళ్లజోడు పెట్టుకుంటే.

ఇంకో మాట. ఈ డ్రెస్సు మొదట వేసుకున్నప్పుడు నడుము కుట్టు కిందికి జారినట్టు, అంతా మందంగా అనిపించింది. రెండోసారి కొత్త బ్రాతో వేసుకుంటే అదే డ్రెస్సు వేరేగా ఉంది. పదేళ్లుగా ఒకే సైజు బ్రా కొంటున్నాను, కొలిపించుకుంటే కింది పట్టీ సైజూ, కప్పు సైజూ రెండూ తప్పే. డ్రెస్సుల మీద డబ్బు తగలెయ్యకముందే ఆ పని చేసి ఉండాల్సింది. తిప్పి పంపిన ఆ నార డ్రెస్సు కూడా ఇప్పుడైతే ఎలా ఉండేదో.

ఉతుకుడు సంగతి. విస్కోస్ తడిస్తే బలహీనపడుతుంది, తడి బరువుకి సాగిపోతుంది. అందుకని చల్లటి నీళ్లలో, వల సంచిలో వేసి ఉతికి, హ్యాంగర్‌కి తగిలించకుండా టవల్ మీద పరిచి ఆరబెడుతున్నాను. మొదటి ఉతుకుకి పొడుగు రెండు సెంటీమీటర్లు తగ్గింది, ఆ తర్వాత ఆగింది. ఎనిమిది ఉతుకులకి రంగు నిలిచింది. హ్యాండ్‌బ్యాగ్ రాసుకునే కుడి తుంటి దగ్గర మాత్రం గుడ్డ సన్నటి ఉండలు కట్టింది. జేబులు లేవు. ఉన్నా జెర్సీలో ఫోన్ పెడితే ఒక పక్కకి వేలాడుతుంది కాబట్టి దానికి మార్కు కొయ్యలేదు.

స్టైల్ సంగతి నేను చెప్పుకుంటే బాగుండదు. మా అమ్మాయికి పాతికేళ్లు, నా బీరువా వైపు ఇంతవరకూ కన్నెత్తి చూసింది లేదు. పోయిన శనివారం "అమ్మా, ఆ చారల డ్రెస్సు ఒక్కరోజు వేసుకోనా?" అంది. దాని నడుము 70, నా నడుము 91. అదే డ్రెస్సు, దారం ఇంకో జానెడు లాగి కట్టుకుంది, అంతే. భుజాలు కాస్త వదులయ్యాయి గానీ పట్టించుకోలేదు. సాయంత్రం తెచ్చి కుర్చీ మీద పడేసింది. ప్రెస్ బటన్ ఊడిపోయి, ఒక ముక్క మాత్రం దారానికి వేలాడుతోంది. రెండో ముక్క ఎక్కడో పడిపోయిందట. డబ్బాలో ఇంకో జత ఉంది, కళ్లజోడు కోసమే వెతుకుతున్నాను.