పాత స్పీడ్‌స్టర్ రెప్లికా కొనేముందు: పదేళ్ళు నడిపాక చెప్తున్న మాట

ముందే ఒక మాట అనుకుందాం. పోర్షే 356 స్పీడ్‌స్టర్ అనే పాత స్పోర్ట్స్ కారుకి రెప్లికా, అంటే నకలు, కొంటున్నామంటే కొనేది పోర్షేని కాదు, యాభై ఏళ్ళ నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని. దాని మీద ఎవరో గరాజీలో తీరిక దొరికినప్పుడల్లా బిగించిన ఫైబర్ బాడీని. ఈ సంగతి మర్చిపోయి రంగు చూసి, సీట్లు చూసి, చెక్క స్టీరింగు చూసి డబ్బు కట్టేవాళ్ళే ఎక్కువ. అసలు స్పీడ్‌స్టర్లు 1954 నుంచి 1958 దాకా వచ్చాయి. అమెరికాలో అమ్మే మాక్స్ హాఫ్‌మన్ చవకగా, తేలిగ్గా ఒకటి కావాలని పట్టుబడితే పోర్షే వాళ్ళు మూడు వేల డాలర్లలోపు ధరకి తెచ్చిన బండి అది. ఇప్పుడు అవి లక్షల డాలర్లు. రెప్లికాలకి గిరాకీ ఉండడానికి కారణం అదే. నేను చెప్పేది అమెరికాలో దొరికే, 1970ల నుంచి 2000ల మధ్య బీటిల్ చాసీ (అడుగు చట్రం) మీద కట్టిన బళ్ళ గురించి. ఇంటర్‌మెకానికా అనే రెప్లికా కంపెనీ వాళ్ళు తర్వాతి రోజుల్లో సొంతంగా చేసిన గొట్టాల చాసీ బళ్ళకి కింద చెప్పినవి అన్నీ వర్తించవు.

చూసే వరస ముఖ్యం. ముందు కాగితాలు, తర్వాత బండి అడుగు, ఆ తర్వాత చల్లగా ఉన్న ఇంజను, చివర్న నడపడం. అమ్మేవాళ్ళు చూపించే వరస దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

కాగితాల దగ్గర తేడా ఉంటే మిగతావి చూడక్కర్లేదు, తిరిగి వచ్చేయొచ్చు. టైటిల్, అంటే అమెరికాలో బండి ఎవరిదో చెప్పే పత్రం, మూడు రకాలుగా కనిపిస్తుంది: చాసీ సంవత్సరంతో "ఫోక్స్‌వాగన్" అని, రాష్ట్రం కొత్తగా ఇచ్చిన నంబరుతో ప్రత్యేక నిర్మాణం అని, ఇక మూడోది "1957 పోర్షే" అని. మూడోది ఎంత అందంగా ఉన్నా తప్పుడు టైటిలే. రేపు బీమా క్లెయిం వచ్చినప్పుడో, వేరే రాష్ట్రానికి మారినప్పుడో అది మెడకి చుట్టుకుంటుంది. చాసీ నంబరు మధ్య టన్నెల్ (బండి అడుగు మధ్యలో పొడుగునా ఉబ్బెత్తుగా ఉండే రేకు గొట్టం) మీద, బీటిల్‌లో వెనక సీటు ఉండే చోట పంచ్ చేసి ఉంటుంది. అక్కడ కార్పెట్ జిగురుతో అతికించి ఉంటే ఎత్తి చూపించమనండి. 1965 మోడల్ నుంచి ఆ నంబరులో మూడో అంకె సంవత్సరం చెప్తుంది: 118తో మొదలైతే 1968, 119తో మొదలైతే 1969. 1970 నుంచి నాలుగో అంకెగా 2 చేరింది. టైటిల్‌లో 1969 అని ఉండి టన్నెల్ మీద 113 అని కనబడితే రెండు వేర్వేరు బళ్ళ సంగతి అన్నమాట. కాలిఫోర్నియాలో అయితే ఎస్‌బీ 100 కింద రిజిస్టర్ అయిందా అని అడగండి. ఏడాదికి 500 బళ్ళకే ఇచ్చే మినహాయింపు అది. అది ఉన్న బండికి పొగ పరీక్ష తలనొప్పి తక్కువ, అందుకే ధరలో కూడా తేడా ఉంటుంది.

ఇప్పుడు బండి కిందకి దూరాలి. జాకీ ఒక్కటే నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టి, టార్చి, పాత స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి పట్టుకెళ్ళండి.

బీటిల్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 94.5 అంగుళాలు, అసలు స్పీడ్‌స్టర్‌ది 82.7. అందుకని చాలా రెప్లికాల్లో అడుగు రేకుని, మధ్య టన్నెల్‌ని అడ్డంగా కోసి, దాదాపు అడుగు మేర తీసేసి మళ్ళీ వెల్డింగ్ చేస్తారు. కొందరు కిట్ వాళ్ళు (ఇంట్లో బిగించుకోడానికి బాడీ, భాగాలు అమ్మేవాళ్ళు) కొయ్యకుండా పూర్తి పొడవు చాసీ మీదే బాడీ కూర్చోబెట్టారు. పక్కనుంచి చూస్తే తలుపు కాస్త పొడుగ్గా, బండి సాగినట్టు కనబడుతుంది, కానీ ఆ అతుకు బాధ ఉండదు. కోసిన బండి అయితే ఆ అతుకు మీదే మీ ప్రాణం ఉంది. మంచి అతుకు అంటే రేకుకి పైనా కిందా ఆగకుండా సాగిన వెల్డింగ్, టన్నెల్ దగ్గర అదనపు పట్టీ. చెడ్డది అంటే అంగుళానికో చుక్క పెట్టి, పైన నల్ల తారు పూత. పాత బండి అడుగున కొత్తగా నిగనిగలాడే నల్ల పూత కనబడితే దాని కింద ఏదో దాగుందనే అనుకోండి. ఓనర్ ఒప్పుకుంటే అతుకు దగ్గర అరచేయంత పూత గీకి చూడాలి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

తుప్పు మొదలయ్యే చోట్లు తెలిసినవే. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద కుడివైపు ఉండేది, యాసిడ్ కారి ఆ మూల తినేస్తుంది. స్క్రూడ్రైవర్ గట్టిగా నొక్కితే దిగబడకూడదు. ముందు యాక్సిల్ బీమ్ బిగించే ఫ్రేమ్ హెడ్ చూడండి. అక్కడ నాలుగు బోల్టుల చుట్టూ పగుళ్ళు, పొరలు లేచిన తుప్పు ఉంటే ఆ బండి వద్దు. వెనక గేర్‌బాక్సుని పట్టుకునే రెండు కొమ్ముల మూలాల్లో సన్నని పగుళ్ళు కూడా చూడాలి. ఇక ఫైబర్ బాడీ చుట్టూ అడుగున చదరపు ఉక్కు గొట్టాల చట్రం ఉంటుంది. బీటిల్‌కి పక్కల ఉండే హీటర్ చానెళ్ళ బలం ఇక్కడ లేదు కాబట్టి ఈ గొట్టాలే దిక్కు. ఇవి లోపలినుంచి తుప్పు పడతాయి, బయట పెయింట్ బాగానే ఉంటుంది. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోతే గట్టి గొట్టం ఖంగుమంటుంది, తిన్న గొట్టం డొల్లగా చప్పుడు చేస్తుంది.

చట్రం వంగుతోందా లేదా అన్నది తేల్చడానికి తేలికైన పద్ధతి ఉంది. తలుపు మూసి, తలుపు వెనక అంచు దగ్గర సందు కొలవండి. వెనక చక్రం ముందు జాకీ పెట్టి ఆ పక్క లేపి మళ్ళీ కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్లకి మించి తేడా వచ్చినా, తలుపు పట్టేసినా అతుకో గొట్టమో లొంగిపోతోందని అర్థం. తర్వాత తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తండి. కీలు పిన్ను అరిగితే కొద్దిగా ఆడుతుంది, దానికి భయం లేదు. కీలుతో పాటు బాడీ కూడా కదిలితే ఫైబర్‌లో పొదిగిన ఉక్కు ముక్క ఊడివచ్చినట్టే.

ఫైబర్ గురించి క్లుప్తంగా. కీళ్ళ చుట్టూ, బంపర్ బ్రాకెట్ల దగ్గర, హెడ్‌లైట్ల పక్కన సాలెగూడులా పగుళ్ళు వస్తాయి. పుట్టీ రాసి రంగు వేస్తే ఏడాదిలో మళ్ళీ అదే చోట పైకి తేలతాయి. ఫైబర్ దాకా అరగదీసి కొత్త పొర వేస్తేనే పోతాయి. నాణెంతో తట్టితే పొర విడిపోయిన చోట చప్పుడు మారుతుంది.

వైరింగులో రెప్లికాలకే ప్రత్యేకమైన రోగం ఒకటుంది. ఉక్కు బాడీకి ఎక్కడ బిగించినా ఎర్తు దొరుకుతుంది, ఫైబర్‌లో దొరకదు. ప్రతి బల్బుకీ విడిగా ఎర్తు తీగ లాగాలి. హెడ్‌లైట్లు, బ్రేకు, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేసి చూడండి. ఇండికేటర్‌తో పాటు బ్రేకు లైటు కొట్టుకుంటే, లేదా అన్నీ మసగ్గా వెలిగితే ఎర్తు తప్పింది. సరిచేయడం కష్టం కాదు, కానీ వైర్లన్నీ ఒకే రంగులో ఉంటే మాత్రం ఆదివారాలు చాలా ఖర్చవుతాయి.

ఇంజను దగ్గరికి వచ్చేసరికి చాలామంది భయపడతారు గానీ, నిజానికి ఈ బండిలో భయపడాల్సిన వాటిలో ఇది చివరిది. బీటిల్స్ రెండు కోట్ల పది లక్షలకి పైగా తయారయ్యాయి, మెక్సికోలో 2003 దాకా వచ్చాయి. విడిభాగాలకి కొరత లేదు. అయినా చూడాల్సినవి చూడాలి. మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెనక పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అటూ ఇటూ ఆడే లూజు 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే చేతికి దాదాపు తెలియకూడదు. టక్ టక్ మని కొట్టుకుంటే 0.15 దాటి ఉంటుంది, ఇంజను విప్పాల్సిందే. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) నాలుగు సిలిండర్లకీ కొలిపించండి. 110 నుంచి 130 పీఎస్‌ఐ మధ్య దగ్గర దగ్గరగా ఉంటే సంతోషం. ఒక్క మూడో సిలిండర్ పడిపోతే ఆశ్చర్యపోకండి: 1971కి ముందు డిజైన్‌లో ఆయిల్ కూలర్ ఫ్యాన్ గాలికి అడ్డంగా ఉండి మూడో సిలిండర్‌కి చల్లగాలి తగ్గిస్తుంది.

టాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే చేతికీ మధ్య సందు, చల్లటి ఇంజనుకి 0.15 మిల్లీమీటర్లు. ప్రతి 3,000 మైళ్ళకీ ఆయిలుతో పాటు సెట్ చేయాలి. ఆయిలు రెండున్నర లీటర్లే, కంపెనీ ఇంజనుకి కాగితం ఫిల్టరు లేదు, జల్లెడ మాత్రమే. అందుకే ఆయిలు మార్పిడి వాయిదా వేసిన బండి తొందరగా చస్తుంది. ఓనర్‌ని "టాపెట్లు ఎప్పుడు సెట్ చేశారు, ఏ వాల్వు బిగుసుకుంది" అని అడగండి. జవాబు ఉన్నవాడి బండి కొనొచ్చు. ఒకే ఎగ్జాస్ట్ వాల్వు ప్రతిసారీ గ్యాప్ తగ్గిపోతుంటే దాని కాడ సాగుతోంది, కొన్నాళ్ళకి తల తెగి పిస్టన్ మీద పడుతుంది.

"1915 సీసీ" అని గొప్పగా చెప్తే బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అడగండి. కంపెనీది 85.5, 69 మిల్లీమీటర్లు, అంటే 1584 సీసీ. 90.5 వేస్తే 1776, 94 వేస్తే 1915. రోజూ నడపడానికి నా ఓటు 1776కే. సిలిండర్ గోడ దళసరి, వేడి తట్టుకుంటుంది. బండి బరువు తక్కువ కాబట్టి మామూలు 1600తో కూడా 45 నుంచి 60 మైళ్ళ వేగంలో హాయిగా పోతుంది. 70 దగ్గర ఇంజను 3,400 తిరుగుళ్ళ చుట్టూ ఉంటుంది, గాలి హోరుకి పక్కవాళ్ళ మాట వినబడదు.

వేడి సంగతి దాటవేయకూడదు. వెనక ఇంజను మూత తెరిచి ఇంజను చుట్టూ రేకులు, ఆ రేకులకీ బాడీకీ మధ్య రబ్బరు పట్టీ పూర్తిగా ఉన్నాయా చూడండి. ఆ సందు తెరిచి ఉంటే సైలెన్సర్ వేడిగాలి పైకి వచ్చి ఫ్యాన్ మళ్ళీ అదే పీల్చుకుంటుంది. రెప్లికాల్లో గాలి వచ్చే జాలీ అసలే చిన్నది. వేసవిలో ఫీనిక్స్, డాలస్ లాంటి చోట ట్రాఫిక్‌లో నిలబడే బండికి ఈ పది డాలర్ల రబ్బరు లేకపోవడం ఇంజను మార్చేంత పని.

అంతకన్నా ముఖ్యం పెట్రోలు గొట్టాలు. గుడ్డ అల్లిన పాత రబ్బరు గొట్టాన్ని ఇథనాల్ కలిసిన పెట్రోలు తినేస్తుంది. మడిచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. కార్బురేటర్‌లో, పంపులో నొక్కి కూర్చోబెట్టిన ఇత్తడి నాళం వదులై ఊడి వస్తే పెట్రోలు డిస్ట్రిబ్యూటర్ మీద చిమ్ముతుంది. ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం, పైన బాడీ రెసిన్. అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు. అందుకే కొన్న రోజే గొట్టాలన్నీ ఎస్‌ఏఈ 30ఆర్9 అని ముద్రించిన పెట్రోలు గొట్టం రకానికి మార్చాలి, ఫిల్టరుని ఇంజను గది నుంచి తీసి గేర్‌బాక్సు పక్కకి పెట్టాలి. ఇది బేరంలో భాగం కాదు, తప్పనిసరి.

అడుగున ఉన్నప్పుడే వెనక యాక్సిల్ రకం తేల్చుకోండి. గేర్‌బాక్సు నుంచి చక్రం దాకా లావు గొట్టం, లోపలివైపు రబ్బరు బూటు ఉంటే స్వింగ్ యాక్సిల్. ఒక్కో పక్క రెండేసి జాయింట్లు కనబడితే ఐఆర్‌ఎస్ (ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్), అమెరికా బీటిల్స్‌కి 1969 నుంచి వచ్చింది. స్వింగ్ యాక్సిల్ బండిని మలుపు మధ్యలో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది. తెలిసి నడిపితే ఇబ్బంది లేదు, కానీ డబ్బు సమానమైతే ఐఆర్‌ఎస్ తీసుకోండి.

బ్రేకులు 1967కి ముందు చాసీవి అయితే ఒకే సర్క్యూట్. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కి మార్చారా చూడండి. డ్రమ్ములే చాలు, సరిగా సెట్ చేసి ఉంటే. పెడల్ రెండోసారి తొక్కినప్పుడే పైకి వస్తే షూలు దూరంగా ఉన్నాయి.

నడిపేటప్పుడు రెండో గేరులో, నాలుగో గేరులో వేగం అందుకుని కాలు తీసేయండి. గేరు తనంతట తాను బయటికి దూకితే గేర్‌బాక్సు విప్పాలి. గేరు దొరక్క వెతుక్కోవాల్సి వస్తే మాత్రం కంగారు వద్దు, రాడ్డు కలిపే చోట ప్లాస్టిక్ బుష్ పోయుంటుంది, చవక భాగం. చిక్కల్లా ఏమిటంటే టన్నెల్ మీద దాని మూతని కొందరు ఫైబర్ కింద పూడ్చేస్తారు. క్లచ్ వదిలేటప్పుడు బండి వణికితే గేర్‌బాక్సు దగ్గర కేబుల్ గొట్టం వంపు చూడండి. 25 నుంచి 45 మిల్లీమీటర్లు కిందికి వంగి ఉండాలి. చాసీ కోసినప్పుడు ఈ లెక్క తప్పడం మామూలే.

వాన నీళ్ళు లోపలికి వస్తాయి, హీటర్ చాలావాటికి ఉండదు, ఆరడుగుల మనిషికి అద్దం పై ఫ్రేము సరిగ్గా కళ్ళకి అడ్డం. వీటికి మందు లేదు, కూర్చుని చూసి నిర్ణయించుకోండి.

ఇండియాకి పంపి ఊళ్ళో తిప్పుదామనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. మామూలుగా వాడిన కారు దిగుమతికి మూడేళ్ళకి మించి వయసు ఉండకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. ఇది ఆ రెంటిలో దేనికీ సరిపోదు.

టైర్లు చివర్న చూడండి. తక్కువ తిరిగిన బండి కాబట్టి టైరు గాడులు కొత్తవాటిలా ఉంటాయి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చదవండి: 2315 అంటే 2015లో 23వ వారం. అలాంటి రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. నాలుగు టైర్ల ధర బేరంలో తగ్గించమంటే ఏ ఓనరూ కాదనలేడు.