ముంపులో వరి: పెరిగి బయటపడటమా, ఆగి ఓర్చుకోవడమా?

చేను నీట మునిగిందన్న కబురు వరి మొక్కకు మొదట ఇథిలీన్ అనే వాయువు ద్వారా అందుతుంది. మొక్క తనలో తాను ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారుచేసుకునే ఈ వాయువు మామూలు రోజుల్లో గాలిలో కలిసిపోతుంది. నీటిలో వాయువులు గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి కనుక, మునిగిన మొక్కలోని ఇథిలీన్ బయటికి పోయే దారిలేక లోపలే పోగుపడుతుంది. ఈ ఒక్క సంకేతానికి వరిలో రెండు పూర్తిగా విరుద్ధమైన స్పందనలు ఉన్నాయి. నీటిమట్టాన్ని దాటేలా వేగంగా పెరగడం ఒకటి, పెరుగుదలను ఆపేసి నీరు తీసేదాకా ఓపిక పట్టడం రెండోది.

మొదటి మార్గం బంగ్లాదేశ్, అస్సాం, థాయ్‌లాండ్ నదీ మైదానాల్లో సాగయ్యే లోతునీటి వరిది. దానిలో ఇథిలీన్ పేరుకున్నకొద్దీ పెరుగుదలకు పగ్గం వేసే అబ్సిసిక్ ఆమ్లం తగ్గి, పెరుగుదలను పురికొల్పే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ ప్రభావం పెరిగి, కణుపుల మధ్య కాండం సాగుతుంది. అనుకూల పరిస్థితుల్లో ఈ సాగుదల రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దీని వెనుక ఉన్న స్నార్కెల్1, స్నార్కెల్2 జన్యువులను జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన మొతొయుకి అషికారి బృందం 2009లో గుర్తించింది. ఇదే స్పందనలో ఎస్‌డి1 అనే జన్యువుకూ పాత్ర ఉందని 2018లో తేలింది. హరిత విప్లవం నాటి ఐఆర్8 వంటి వరి రకాలు పొట్టిగా ఉండటానికి కారణం ఈ ఎస్‌డి1 జన్యువు పనిచేయకపోవడమే. పడిపోకుండా అధిక దిగుబడి ఇవ్వాలని హరిత విప్లవం వదులుకున్న గుణమే వరద మైదానాల్లో మొక్క ప్రాణం కాపాడుతోందన్నమాట.

రెండో మార్గానికి మూలం ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే పాత రకం. దానిలోని సబ్1ఎ జన్యువును కెనాంగ్ షు, డేవిడ్ మెకిల్, పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ తదితరులు 2006లో వెల్లడించారు. స్నార్కెల్ జన్యువుల మాదిరే ఇది కూడా ఇథిలీన్‌కు స్పందించే జన్యు కుటుంబానికే చెందినది, ఇథిలీన్ వల్లనే మేల్కొంటుంది కూడా. కానీ మేల్కొన్నాక జిబ్బరెల్లిన్‌ను అడ్డుకునే ప్రోటీన్లను పెంచి, కొత్తగా పుట్టే ఇథిలీన్‌ను సైతం అదుపు చేసి, మొక్క సాగకుండా నిలబెడుతుంది. అలా మిగిలిన పిండిపదార్థాలతో మొక్క సుమారు రెండు వారాలు నీటి అడుగున బతికి, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. బయటపడిన వెంటనే గాలి తగిలి ఆకులు వాడిపోయే ప్రమాదాన్ని కూడా ఈ జన్యువు తగ్గిస్తుంది. నా దృష్టిలో దీని విలువలో సగం ఇక్కడే ఉంది, ఎందుకంటే ముంపును తట్టుకున్న మొక్క తేరుకునే దశలో చచ్చిపోతే రైతుకు ఒరిగేదేమీ ఉండదు.

వీటిలో ఏది మేలన్నది నీరు ఎంత లోతున, ఎన్నాళ్లు నిలుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. నెలల తరబడి మీటర్ల లోతు నీరు నిలిచే చోట ఆగి ఓర్చుకోవడం చావుతో సమానం, అక్కడ పెరగడం తప్ప దారిలేదు. వారం పది రోజుల్లో తీసిపోయే వరదలో పెరగడం నష్టం తెస్తుంది. దాచుకున్న శక్తినంతా కాండం సాగడానికి ఖర్చు చేసిన మొక్క, నీటి ఆసరా పోగానే నేలకు ఒరిగిపోతుంది. సాధారణ రకాల దుస్థితి మరీ విచిత్రమైనది. బయటపడేంతగా పెరగలేక, ఆగనూ లేక, అరకొరగా సాగి శక్తిని పోగొట్టుకుని అవి చనిపోతాయి.

గోదావరి డెల్టాలో సార్వా వరికి, ముఖ్యంగా ఎర్రకాలువ వంటి వాగులు పొంగి చేలను ముంచే చోట, రెండో మార్గమే తగినదని నేను భావిస్తాను. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తూర్పు భారతమంతటా విస్తరించినా ముంపును తట్టుకునే శక్తి దానికి లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ డీఎన్ఏ గుర్తుల సాయంతో పదేపదే సంకరణం చేసి ఆ ఒక్క గుణాన్నీ దానిలో చేర్చగా, స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. ముంపు రాని ఏడాదిలో దాని దిగుబడి స్వర్ణతో సమానంగానే ఉండటం నిర్ణాయకమైన అంశం. పది రోజులు మునిగినప్పుడు స్వర్ణ కంటే సుమారు 45 శాతం అధిక దిగుబడి ఇస్తుందని ఒడిశా పొలాల్లో జరిగిన అధ్యయనం 2013లో అంచనా వేసింది. బాపట్ల రకమైన సాంబ మసూరిలోనూ ఇదే జన్యువును చేర్చారు. లోతునీటి వరిని డెల్టాకు తెచ్చుకుంటే మాత్రం ఎప్పుడో వచ్చే వరద కోసం ఏటా తక్కువ దిగుబడితో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

అయితే సబ్1 రకాలను సర్వరోగ నివారిణిగా అమ్మజూపేవారి మాట నమ్మదగినది కాదు. బురదనీటిలో వెలుతురు అందక, నీరు వేడెక్కి, అదే మొక్క తక్కువ రోజులే నిలవవచ్చు. మురుగు కాలువ పూడి, మోకాలి లోతు నీరు వారాల తరబడి కదలని చేలో మొక్క పూర్తిగా మునగదు కనుక, అక్కడ కావలసింది ఓ మోస్తరుగా ఎత్తు పెరిగే రకమే. నేరుగా వెదజల్లిన విత్తనం మొలకెత్తకముందే వాన వచ్చి మునిగితే సబ్1ఎ ఆదుకోదు. ప్రాణవాయువు లేని బురదలో మొలవడం వేరే జన్యువుల పని. నారు పోసి నాటే పద్ధతి నుంచి వెదజల్లడానికి మారే రైతు ఈ తేడా తెలుసుకున్నాకే రకాన్ని ఎంచుకోవాలి.