నిమ్మలకుంట తోలు లాంప్‌షేడ్: వెలిగించి చూశాకే కొనండి

ధర్మవరం అనగానే అందరికీ పట్టుచీరే గుర్తొస్తుంది. అదే మండలంలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, నిమ్మలకుంట అనే ఊరుంది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు చేసే లాంప్‌షేడ్లు లేపాక్షి షోరూముల్లో, హస్తకళల మేళాల్లో, ఈమధ్య ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. బాగా చేసిన షేడ్ అయితే పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది. కాకపోతే మంచి పని, నాసి పని అరలో పక్కపక్కనే ఉంటాయి, దీపం ఆర్పి ఉన్నంతసేపూ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా తెలియాలంటే లోపల బల్బు వెలగాలి. వెలిగించి చూపించమంటే విసుక్కునే దుకాణంలో ఈ వస్తువు కొనకండి.

ముందు తోలు సంగతి. ఇది మేక తోలు. చెప్పులకూ బ్యాగులకూ వాడే పదును చేసిన తోలు కాదు, పచ్చితోలు. నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లోపలి వైపు అంటుకున్న కొవ్వునూ పొరలనూ కత్తితో తీసి, నాలుగు వైపులా బిగించి లాగి ఆరబెడతారు. అలా లాగి ఉంచి ఆరబెట్టడం వల్ల తోలులోని పీచు పొరలుగా పడుకుని ఒకదానికొకటి అంటుకుపోతుంది, మధ్యలో గాలి మిగలదు. అందుకే వెలుతురు దాటుతుంది. గీకడం ఎంత ఓపికగా చేశారన్న దాని మీదే షేడ్ బతుకు ఆధారపడి ఉంటుంది. కొవ్వు మిగిలిన చోట పసుపుపచ్చగా, నూనె మరకలా ఒక మచ్చ ఉంటుంది. అక్కడ రంగు సరిగా పట్టదు, వానాకాలంలో వాసన కూడా వస్తుంది. దీపం వెలిగించినప్పుడు ముందు ఈ మచ్చల కోసమే చూడండి.

అన్ని తేడాలూ లోపాలు కావు. మేక వెన్ను మీది తోలు మందం, పొట్ట వైపుది పలచన. కాబట్టి ఒకే షేడ్‌లో ఒక పక్క కాస్త ముదురుగా, ఇంకో పక్క లేతగా వెలుగు రావడం సహజం. కొన్నిటిలో వెన్నుపూస వెంట నడిచే ముదురు గీత, సన్నటి నరాల జాడ, వెంట్రుకల కుదుళ్ల చుక్కలు కనిపిస్తాయి. ఇవన్నీ అసలు తోలు అనడానికి గుర్తులు. ప్లాస్టిక్ షీటు మీదో, మందపాటి కాగితం మీదో బొమ్మ అచ్చు వేసి అమ్మే నకళ్లలో వెలుగు అంతటా ఒకే మట్టంగా ఉంటుంది. గోటితో మీటినా తెలిసిపోతుంది: బిగువుగా ఉన్న తోలు చిన్న డప్పులా టక్కుమంటుంది, ప్లాస్టిక్ పటపటలాడుతుంది.

ఇక అసలు పని చిల్లులది. తోలు మీద ముందు సన్నని మొనతో బొమ్మ గీసి, నల్ల సిరాతో అంచులు దిద్ది, కింద చెక్క పెట్టి, చిన్న చిన్న ఉలులతో ఒక్కో చిల్లూ సుత్తితో కొడతారు. గుండ్రంది, చంద్రవంక, గింజ ఆకారం, చతురస్రం, ఇలా ఒక్కో ఆకారానికి ఒక్కో ఉలి. దీపం వెలిగితే కిరీటం, దండకడియాలు, ఒడ్డాణం, పట్టుచీర అంచు అన్నీ ఈ చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతోనే రూపం కడతాయి. రంగుతో వేసిన నగ దగ్గరికెళ్తేనే కనబడుతుంది, వెలుగుతో వేసిన నగ గది అవతలి గోడ దగ్గర నిలబడ్డా మెరుస్తుంది.

ఈ పద్ధతి లాంప్‌షేడ్ కోసం పుట్టలేదు. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరకు ఒక పక్క, ఊరు ఇంకో పక్క. రాత్రంతా సాగే రామాయణ, భారత కథల్లో ఎక్కడో వెనక కూర్చున్నవాళ్లకి కూడా రాముడి కిరీటం తెలియాలంటే తోలులోంచి వెలుగు చీల్చుకుని రావాలి. ఈ కుటుంబాలు చాలావరకు ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడే ఆరె కులం వాళ్లు. తెర మీద మాత్రం అచ్చ తెలుగు పద్యం, తెలుగు హాస్యం. మొగవాళ్లు బొమ్మలాడించి పద్యం ఎత్తుకుంటే, ఆడవాళ్లు సీత మాట, మండోదరి ఏడుపు పలికేవాళ్లు. ఇంటిల్లిపాదీ చేస్తే తప్ప ఆట నడవదు. వానలు పడకపోతే వాన కోసం ఈ ఆట ఆడించిన ఊళ్లూ ఉన్నాయి. సినిమా వచ్చింది, ఆ తర్వాత టీవీ ఇంటింటికీ చేరింది, రాత్రి ఆటకు పిలిచే ఊళ్లు తగ్గిపోయాయి. బొమ్మ చేసే చెయ్యి మాత్రం మిగిలింది. ఆ చేతికి పని కల్పించడానికి హస్తకళల సంస్థలు, మేళాలు దారి చూపించాయి. అదే తోలు, అదే ఉలి, అదే గీత లాంప్‌షేడ్‌గా, గోడ బొమ్మగా, తలుపు మీద వేలాడే తెరగా మారాయి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లాంప్‌షేడ్ కొనేవాళ్లలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియకపోవడం బాధగా ఉంటుంది.

ఈ చరిత్ర కొనేటప్పుడు ఎందుకు పనికొస్తుందంటే, ఆట తెలిసిన చేతికీ తెలియని చేతికీ బొమ్మలో తేడా కనిపిస్తుంది. ఆట తెలిసిన చెయ్యి ముక్కు, పెదవి, గడ్డం ఒకే గీతలో లాగుతుంది, కన్ను పెద్దగా, చెవి వైపు సాగి ఉంటుంది. చిల్లులు నగల మీద, బట్టల అంచుల మీద మాత్రమే పడతాయి, ముఖం మీద దాదాపు పడవు. తెలియని చెయ్యి ఖాళీ కనబడిన చోటల్లా చిల్లు కొడుతుంది. వెలిగిస్తే ముఖం మీద మశూచి మచ్చల్లా కనిపిస్తాయి, పైగా చిల్లుకూ చిల్లుకూ మధ్య తోలు సన్నబడి కొన్నాళ్లకు చిరుగుతుంది. రెండు చిల్లుల మధ్య కనీసం చిల్లంత తోలు మిగిలి ఉందో లేదో చూడండి. చిల్లు అంచు మీద వేలితో తడిమితే నునుపుగా తెగి ఉండాలి. పీచు లేచి ఉంటే ఉలి మొద్దుబారిందని అర్థం.

రంగుల విషయంలో మాత్రం మాకు కొంచెం అసంతృప్తి ఉంది. పూర్వం చెట్ల నుంచీ, మసి నుంచీ రంగులు చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఎక్కువ మంది సీసాల్లో దొరికే సిరా రంగులే వాడుతున్నారు. అది తప్పేమీ కాదు, వెలుగులో ఆ ఎరుపూ ఆ నీలమూ అద్భుతంగా ఉంటాయి. చిక్కంతా నీళ్లకు కరిగే సిరాతోనే. కొనేముందు షేడ్ లోపలి కింది అంచున, ఎవరికీ కనబడని చోట, అమ్మేవాళ్లను అడిగి తడి వేలితో ఒకసారి రుద్ది చూడండి. వేలికి లేతగా అంటితే ఫర్వాలేదు, జాగ్రత్తగా వాడుకోవచ్చు. ముద్దగా అంటితే తొలి వానాకాలంలోనే రాముడి నీలం పక్కన ఉన్న సీత చీరలోకి దిగుతుంది. బొమ్మకు రెండు వైపులా రంగు వేయడం ఈ కళలో ఉన్న పద్ధతి. ఒక వైపే వేసి వదిలేసిన షేడ్ వెలిగిస్తే పాలిపోయినట్టుంటుంది.

బల్బు దగ్గరే చాలామంది షేడ్‌ను పాడుచేసుకుంటారు. పదును చేయని తోలు వేడికి ముడుచుకుంటుంది. పాత 60 వాట్ల బల్బు గాజు వేడి 100 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చిన్న షేడ్‌లో పెడితే కొన్ని వారాల్లోనే పై అంచు మెలితిరిగి, కుట్లు లాగేసి, తోలు గోధుమరంగుకు మారుతుంది. 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. తోలుకూ బల్బుకూ మధ్య ఎటు చూసినా రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి. రంగు వామ్ వైట్, అంటే డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్నది తీసుకోండి. తెల్లటి 6500 బల్బు పెడితే ఎరుపూ గోధుమరంగూ చచ్చిపోయి తోలు శవంలా కనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలుగు ముందుకే పోతుంది, వెనక్కి రాదు. టేబుల్ లాంప్‌లో హోల్డర్ అడుగున ఉంటుంది కాబట్టి షేడ్ కింది సగం చీకటిగా ఉండిపోతుంది, అసలు బొమ్మ పాదాలు కనిపించవు. పాత బల్బు రూపంలో, లోపల పసుపు తీగల్లా వెలిగే ఫిలమెంట్ ఎల్‌ఈడీ పెడితే చుట్టూ వెలుగు వస్తుంది. గాజు తేటగా ఉంటే చిల్లుల నీడలు గోడ మీద చుక్కలు చుక్కలుగా స్పష్టంగా పడతాయి. ఆ చుక్కలు వద్దు, బొమ్మ మాత్రమే నిండుగా కనబడాలి అనుకుంటే పాలగాజు బల్బు పెట్టండి.

పచ్చితోలు గాలిలోని తేమను పీలుస్తుంది. జులై, ఆగస్టుల్లో షేడ్ కాస్త వదులై మెత్తబడుతుంది, ఎండాకాలంలో మళ్లీ బిగుస్తుంది. ఇది లోపం కాదు, దాని స్వభావం. అయితే సముద్రం ఒడ్డు ఊళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, వానాకాలం రోజూ ఒక గంట దీపం వెలిగించి ఉంచితే బూజు పట్టదు. వంటింట్లో, బాత్రూం పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. నేరుగా ఎండ పడే కిటికీ కూడా వద్దు, రంగులు వెలిసిపోతాయి. దుమ్ము పొడి కుంచెతో దులపాలి, తడిగుడ్డ అసలు తగలనివ్వద్దు. బూజు తెల్లగా కనిపిస్తే ఆరుబయట నీడలో పెట్టి మెత్తని కుంచెతో దులిపితే చాలు. తోలు తినే చిన్న పురుగులు ఉంటాయి, ఎలుకలకూ పెంపుడు కుక్కలకూ కూడా ఇది తినేవస్తువే. దాచిపెట్టాలంటే పాత నూలుగుడ్డలో చుట్టి, వేపాకు వేసి, ఎత్తున ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి అటక మీద పడేస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

ఫ్రేమ్ కూడా చూడాలి. లోపల ఇనుప తీగకు పెయింటు లేకపోతే తేమకు తుప్పు పట్టి, తోలు మీద గోధుమరంగు చారలు దిగుతాయి. అవి పోవు. షేడ్‌ను తలకిందులు చేసి, అతుకు పెట్టిన మూలలను వేలితో తడిమి చూడండి. తోలును తీగకు తోలుదారంతోనే కుట్టి ఉండాలి. జిగురుతో అంటించినవి మొదటి ఎండాకాలం బిగుసుకోగానే ఊడిపోతాయి. కుట్టు దూరం దూరంగా, ఒక్కోటి ఒక్కో కొలతలో ఉంటే బిగువు అంతా ఏదో ఒక కుట్టు మీదే పడి అక్కడ చిరుగుతుంది.

ధర విషయంలో ఒక్క మాట. సైజు చూసి ధర కట్టకండి, చిల్లుల పని చూసి కట్టండి. పూలూ లతలూ ఉన్న పెద్ద షేడ్ కన్నా, దశావతారాలో, పట్టాభిషేకమో నిండుగా కొట్టిన చిన్న షేడ్‌కి రోజులు ఎక్కువ పడతాయి. ఆటకు వాడే నిలువెత్తు బొమ్మల్లోనూ అంతే: ఒక నర్తకి బొమ్మకు ఒక తోలు సరిపోతే, రావణుడికి కనీసం నాలుగు కావాలి. ఒంటికి ఒకటి, కాళ్లకు ఒకటి, అటు ఐదు చేతులకూ ఇటు ఐదు చేతులకూ ఒక్కోటి. బేరమాడే ముందు ఆ లెక్క గుర్తుంచుకోండి. ఒకే ధరలో పూల షేడ్, బొమ్మ షేడ్ రెండూ ఉంటే మేం బొమ్మ ఉన్నదే తీసుకోమంటాం. పూలు ఎవరైనా కొట్టగలరు. గోడకు కావాలంటే బంగారక్క, జుట్టుపోలిగాడు లాంటి హాస్యపు బొమ్మలు ఉన్నాయేమో అడగండి. షోరూముల్లో దేవుళ్లే ఎక్కువ కనిపిస్తారు గానీ, చేసేవాళ్ల దగ్గర ఇవీ ఉంటాయి, ముఖాల్లో ప్రాణం కూడా ఎక్కువ.

విదేశాలకు పట్టుకెళ్లేవాళ్లకు: ఇక్కడి హోల్డర్ రెండు పిన్నుల బయొనెట్ రకం. అమెరికాలో మర బల్బులు, 120 వోల్టులు. కాబట్టి షేడ్, స్టాండు మాత్రమే తీసుకెళ్లి అక్కడ వైరు, హోల్డర్, ప్లగ్గు మార్పించుకోవాలి. హోల్డర్ బిగించే రింగు వ్యాసం కొలిచి రాసుకోండి, లేకపోతే అక్కడ హోల్డర్ దొరికినా కూర్చోదు. పచ్చితోలు జంతు ఉత్పత్తి, కస్టమ్స్ కాగితంలో తప్పకుండా చూపించండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటారు. కొవ్వు మచ్చ, వెంట్రుక మిగిలిన షేడ్ అక్కడ ఆగిపోవచ్చు, శుభ్రంగా గీకినదే తీసుకెళ్లండి. ప్యాకింగ్‌లో లోపల కాగితం ఉండలు నింపి, గట్టి అట్టపెట్టెలో నిలబెట్టి పంపాలి. చలిదేశాల్లో శీతాకాలం హీటర్ గాలికి తోలు ఇక్కడి ఎండాకాలం కన్నా బిగుసుకుంటుంది. హీటర్‌కు దూరంగా పెట్టండి.

ఎక్కడైనా కుట్టు తెగితే ఫెవికాల్ జోలికి పోకండి, ఎండిన జిగురు మీద మళ్లీ సూది దిగదు. తెగిన చోట తోలును తడిగుడ్డతో కాదు, చేతికి అంటిన చెమ్మతో కాస్త మెత్తబరిచి, పాత చిల్లుల్లోంచే సన్నని తోలుదారంతో, అది దొరక్కపోతే మైనం రుద్దిన నూలుదారంతో కుట్టుకోవచ్చు. దారం మరీ లాగకండి, ఆరాక తోలు తనంతట తానే బిగుసుకుంటుంది.